గేదెల మంద, మూసిన గేటు, బేరూత్ గోదాము

లెబనాన్ రాజధాని బేరూత్ రేవులో 2020 ఆగస్టు 4న జరిగిన పేలుడు వీడియోలు చూసిన ఒక పాఠకుడి ప్రశ్న: "కిలోమీటర్ల అవతల అద్దాలు రాలిపోయాయి. పక్కనే ఉన్న ధాన్యం గోదాములో కొంత భాగం మాత్రం నిలబడింది. ఇదేం లెక్క?" పేలింది రేవులోని మరో గోదాములో నిల్వ ఉన్న 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్, ఎరువుగానూ పేలుడు మందుల్లోనూ వాడే రసాయనం. ఆ వార్త వచ్చిన వారంలోనే చెన్నై పక్కన మనలిలో ఏళ్లుగా పడి ఉన్న సుమారు 700 టన్నుల ఇదే సరుకును కంటైనర్లలో హైదరాబాద్‌కు తరలించడం మొదలుపెట్టారు. అది ఎందుకు పేలుతుందన్న రసాయన శాస్త్రం జోలికి పోను. నన్ను పట్టుకుని వదలనిది పేలిన తరువాతి కథ: గాలికీ గోడకూ మధ్య జరిగేది.

ఇరుకు సందులో గేదెల మంద పరుగెత్తుకొస్తోందనుకోండి. పక్క గోడకు అంటుకుని నిలబడితే ఒంటికి రాపిడి మాత్రమే తగులుతుంది. సందు చివర గేటు మూసి ఉంటే సంగతి వేరు. ముందున్నవి ఆగిపోతాయి, వెనకవి వాటి మీదికి వచ్చి పడతాయి. గేటు మోసేది మొదటి గేదె బరువును కాదు, కుప్పపడిన మందను. పేలుడు తరంగం, అంటే గాలిని నొక్కుకుంటూ దూసుకొచ్చే పీడనపు అల, గోడకు ఎదురుగా తగిలినప్పుడు గాలి చేసేదీ ఇదే. బలహీనమైన తరంగమైతే గోడ మీద పీడనంలో పెరుగుదల రెండింతలవుతుంది. బలమైన తరంగంలో గాలి నొక్కుకుపోవడమే కాదు, పరుగెత్తుతూ ఉంటుంది కూడా. ఆగినచోట ఆ పరుగు కూడా పీడనంగా మారుతుంది. వచ్చే తరంగంలో పీడనం పెరుగుదల ఒక వాతావరణ పీడనమంత ఉంటే గోడ మీద అది 2.75 రెట్లు, అయిదు వాతావరణ పీడనాలంత ఉంటే 4.5 రెట్లు. గాలిని ఆదర్శ వాయువుగా, అంటే ఎంత వేడిలోనూ అణువులు విడిపోవనుకుని, లెక్కిస్తే హద్దు 8 రెట్లు. పేలుడుకు మరీ దగ్గర, ఆ వేడికి గాలి అణువులే విడిపోయే చోట, ఆ హద్దు కూడా దాటుతుంది. అంటే దెబ్బ ఎంతో పేలుడు ఒక్కటే తేల్చదు. అడ్డు నిలిచిన గోడకూ అందులో వాటా ఉంది.

మంద కథ ఇంకా అయిపోలేదు. గేటు పక్కన ఖాళీ ఉంటే అంచుల్లోని గేదెలు జారుకుంటాయి, కుప్ప పలచబడుతుంది. గోడ అంచుల నుంచి కూడా పీడనం అలాగే సడలుతూ వస్తుంది. ఆ సడలింపు ధ్వని వేగంతో లోపలికి పాకాలి. పది మీటర్ల ఎత్తున్న వెడల్పాటి గోడకు అది పూర్తవడానికి సుమారు 90 మిల్లీసెకన్లు పడుతుంది, సన్నని కరెంటు స్తంభానికి ఒక మిల్లీసెకను కూడా పట్టదు. ఇల్లు కూలినా వీధి స్తంభం నిలబడితే దానికి కట్టిన నిమ్మకాయ దండ మహిమ అనేవాళ్లు ఉంటారు. మహిమ స్తంభం సన్నదనానిది.

బడిలో పీడనమంటే 'వైశాల్యం మీద బలం' అని చెప్పి ఊరుకుంటాం. ఎంతసేపు అన్నది పాఠంలోంచి జారిపోతుంది. పేలుడు విషయంలో సగం కథ అందులోనే ఉంది. బ్రిటిష్ శాస్త్రవేత్త హాప్కిన్సన్ 1915లో, జర్మన్ శాస్త్రవేత్త క్రాంజ్ 1926లో విడివిడిగా చెప్పిన ఘనమూల సూత్రం చూడండి: పేలుడు పదార్థం వెయ్యి రెట్లయితే అదే పీడనం పది రెట్ల దూరంలో కనిపిస్తుంది, పది రెట్ల సేపు ఉంటుంది. దీపావళి నాడు వీధిలో బాంబు పేలితే మా షోకేసు అద్దం గజగజలాడి ఊరుకుంటుంది. అద్దం వంగే లోపే తోపు అయిపోతుంది. వేల టన్నుల పేలుడైతే తోపు అద్దాన్ని వదలదు, పూర్తిగా వంచుతుంది. వాతావరణ పీడనంలో నూరో వంతు చాలు, చదరపు మీటరు అద్దం మీద నూరు కిలోలు పెట్టినట్టే. ఎదురుగా తగిలితే రెండు వందలు. తరంగం దాటిపోయాక వెనక పీడనం మామూలు కంటే తగ్గుతుంది, మంద వెళ్లాక సందు బోసిపోయినట్టు. అందుకే కొన్ని అద్దాలు లోపలికి కాక వీధిలోకి రాలతాయి.

ఇక ఆ ధాన్యం గోదాము: వరుసలుగా నిలబెట్టిన కాంక్రీటు కొట్లు. దాని దగ్గర పీడనం అద్దాలను పగలగొట్టిన పీడనానికి ఎన్నో రెట్లు. పేలుడు వైపున్న వరుస నేలమట్టమైంది. కానీ అద్దానికి చాలినంత సేపున్న తోపు కూడా ఈ మహా బరువైన కాంక్రీటుకు కొద్దిసేపటిదే. బరువైన గేటు కదలడం మొదలుపెట్టేసరికే మంద పలచబడింది. దెబ్బను ముందు వరుసలు తినడంతో పడమటి వరుస నిలిచింది. వెనకున్న నగరానికి కొంత మేర చాటు కూడా దొరికింది.

ఆ మిగిలిన గోదాములో ధాన్యం ఉండిపోయింది. అది పులిసి వేడెక్కి 2022 జూలైలో అంటుకుంది, వారాల తరబడి పొగ చిమ్మింది. జూలై 31న ఉత్తరపు కొసలో కొంత కూలింది. ఆగస్టు 4న, పేలుడుకు సరిగ్గా రెండేళ్లు నిండిన రోజున, మరికొంత పడిపోయింది.