ఫ్యాబ్యులస్ మూలా: మూడు రోజుల్లో పోయిన పేరు, ముప్ఫై ఏళ్ల పెత్తనం

2018 మార్చి 12 రాత్రి 'రా' అనే తన టీవీ కార్యక్రమంలో అమెరికా రెజ్లింగ్ కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ ఒక ప్రకటన చేసింది. వచ్చే నెల తన ఏటేటా పెద్ద పండుగ రెజిల్‌మేనియాలో మొదటిసారి ఆడవాళ్ల బ్యాటిల్ రాయల్ (అందరూ ఒకేసారి రింగులో దిగి, చివరికి మిగిలినవాళ్లు గెలిచే పోటీ) పెడుతున్నామని, దానికి పాత ఛాంపియన్ ఫ్యాబ్యులస్ మూలా పేరు పెడుతున్నామని. మగవాళ్లకి 2014 నుంచే ఆండ్రే ద జెయింట్ పేరుతో ఇలాంటి పోటీ ఉంది. ఆడవాళ్లకీ ఒక పాతతరం పేరు కావాలి కదా అనుకున్నారు. మార్చి 15 నాటికి ఆ పేరు పీకేశారు.

ఆ మూడు రోజుల్లో జరిగింది ఇదీ. అభిమానులు ఆన్‌లైన్‌లో సంతకాలు సేకరించారు. అంతకంటే తెలివైన పని ఇంకోటి చేశారు: డబ్ల్యూడబ్ల్యూఈని వదిలేసి, రెజిల్‌మేనియా స్పాన్సర్ స్నికర్స్ వెంటపడ్డారు. మీ చాక్లెట్ ఎవరి పేరు పక్కన కనబడబోతోందో చూసుకోండి అని. ఇది మాకు సమ్మతం కాదని ఆ చాక్లెట్ కంపెనీ బయటికి చెప్పేసింది. వెంటనే 'రెజిల్‌మేనియా ఉమెన్స్ బ్యాటిల్ రాయల్' అనే ఉప్పూకారం లేని పేరు వచ్చింది.

మన దగ్గర టెన్ స్పోర్ట్స్‌లో రెజ్లింగ్ చూస్తూ, ట్రంప్ కార్డులు ఆడుతూ పెరిగినవాళ్లకి మూలా అంటే గుర్తొచ్చేది మే యంగ్ అనే ఇంకో ముసలావిడతో కలిసి రింగులోకొచ్చి నవ్వించి వెళ్లే బామ్మ. ఆ బామ్మ మీద అమెరికాలో ఇంత కోపం ఎందుకో తెలియాలంటే ఆమె కంటే ముందు తరం దగ్గర మొదలుపెట్టాలి.

ఒక సంగతి ముందే చెప్పుకోవాలి. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో గెలుపోటములు ముందే రాసుకుంటారు. దెబ్బలు, పడటాలు, విరిగే ఎముకలు నిజం. ఫలితం మాత్రం నిర్ణయించిందే. కాబట్టి ఎవరు ఛాంపియన్ అన్నది బలాన్ని బట్టి తేలదు. ఏ ఊళ్లో ఎవరితో ఎవరికి మ్యాచ్ పెట్టాలో, ఎవరికి ఎంత ఇవ్వాలో నిర్ణయించే మనిషిని బట్టి తేలుతుంది. ఆ పనినే బుకింగ్ అంటారు. మూలా జీవితమంతా ఆ ఒక్క మాట చుట్టూ తిరిగింది.

1930లలో ఆడవాళ్ల మ్యాచ్‌ల బుకింగ్ బిల్లీ వుల్ఫ్ అనే అతని చేతిలో ఉండేది. అతని దగ్గరికి వచ్చిన అమ్మాయి మిల్డ్రెడ్ బర్క్. 1915లో కాన్సస్‌లో పుట్టింది, చిన్న వయసులోనే పెళ్లయి విడిపోయింది, ఒక కొడుకు, హోటల్లో వెయిట్రెస్ పని. వుల్ఫ్ ఆమెని సంతల్లో తిప్పాడు. ఈమెని పడగొట్టిన మగాడికి పాతిక డాలర్లు అని పందెం కట్టేవాళ్లు. మగాళ్లతో దాదాపు 200 సార్లు తలపడి ఒక్కసారే ఓడానని ఆమె చెప్పుకునేది. 1937లో ఛాంపియన్ అయింది, వుల్ఫ్‌నే పెళ్లాడింది. మహిళా రెజ్లర్లందరి సంపాదనలో వుల్ఫ్‌కి పెద్ద వాటా వెళ్లేది. ఇంటావిడకీ మినహాయింపు లేదు.

కాపురం చెడి విడాకులయ్యాక బర్క్ సొంతంగా నిలబడాలనుకుంది. ఊరూరా పోటీలు పెట్టే ప్రమోటర్లు వుల్ఫ్ పక్షాన చేరారు. 1954 ఆగస్టు 20న అట్లాంటాలో ఆమెకి వుల్ఫ్ కోడలు జూన్ బైయర్స్‌తో మ్యాచ్ పడింది. రాసుకున్న మ్యాచ్ కాదు, అసలు కుస్తీ. మూడింట రెండు గెలిస్తే టైటిల్. మొదటిది బర్క్ ఓడింది. రెండోది ఎంతకీ తేలలేదు, అధికారులు ఆపేశారు. రెండో ఓటమి లేదు కాబట్టి టైటిల్ తనదేననుకుని బర్క్ వెళ్లిపోయింది. బైయర్స్ గెలిచిందని వుల్ఫ్ మనుషులు ప్రచారం చేసుకున్నారు, అదే చెల్లుబాటైంది.

అదే 1954లో బరోడాలో హమీదా బాను అనే అలీగఢ్ వస్తాదు బాబా పహిల్వాన్‌ని నిమిషం 34 సెకన్లలో పడగొట్టింది. యూరప్ వెళ్లి కుస్తీ పడదామనుకున్న ఆమెని ఆపడానికి శిక్షకుడే కాళ్లూ చేతులూ విరగ్గొట్టాడని తర్వాత కుటుంబసభ్యులు చెప్పారు. సముద్రానికి అటూ ఇటూ ఒకటే కథ.

ఇక మూలా. అసలు పేరు మేరీ లిలియన్ ఎలిసన్. 1923 జులై 22న సౌత్ కరోలినాలో, 13 మంది పిల్లల్లో ఆఖరిది, ఒక్కతే ఆడపిల్ల. ఎనిమిదేళ్లకి తల్లి క్యాన్సర్‌తో పోయింది. దిగులుగా ఉన్న పిల్లని తండ్రి కుస్తీ పోటీలకి తీసుకెళ్లేవాడు. అక్కడ మిల్డ్రెడ్ బర్క్‌ని చూసి, నేనూ ఇదే చేస్తాననుకుంది. 14 ఏళ్లకే పెళ్లి, ఒక కూతురు, విడాకులు. తర్వాత వుల్ఫ్ మందలో చేరింది, అతనితో పడక బయటికొచ్చింది. జాక్ ఫెఫర్ అనే ప్రమోటర్, రెజ్లింగ్ ఎందుకమ్మా అని అడిగితే 'డబ్బు కోసం' అందట. డబ్బుకి అక్కడి జనం వాడే వాడుక మాటనే ఆమెకి పేరుగా పెట్టాడు. అదీ ఎలాగంటే 'స్లేవ్ గర్ల్ మూలా'. బడ్డీ రోజర్స్ లాంటి మగ రెజ్లర్ల వెంట చిరుతపులి మచ్చల బట్టల్లో నడవడమే మొదట్లో పని.

1956 సెప్టెంబర్ 18న బాల్టిమోర్‌లో 13 మంది ఆడవాళ్ల పోటీలో చివరికి జూడీ గ్రేబుల్‌ని ఓడించి ప్రపంచ ఛాంపియన్ అనిపించుకుంది. అప్పటికి బైయర్స్ కూడా ప్రపంచ ఛాంపియనే, ప్రపంచాలు రెండున్నట్టు. 1964లో బైయర్స్ రిటైరయ్యాక పోటీ లేకుండా పోయింది. 'స్లేవ్ గర్ల్' తీసేసి 'ఫ్యాబ్యులస్' తగిలించింది ఇప్పటి డబ్ల్యూడబ్ల్యూఈని నిర్మించిన మెక్‌మాన్‌ల పెద్దాయన.

అక్కణ్నుంచి 1984 దాకా 28 ఏళ్లు ఛాంపియన్ అని కంపెనీ లెక్క. ఇది పూర్తిగా నిజం కాదు. 1966లో బెట్ బౌషే చేతిలో, 1968లో జపాన్‌లో యుకికో తొమోయే చేతిలో, 1976లో స్యూ గ్రీన్ చేతిలో, 1978లో ఎవలిన్ స్టీవెన్స్ చేతిలో ఓడి, కొద్దిరోజులకే తిరిగి తీసుకుంది. ఆ నాలుగూ కంపెనీ రికార్డుల్లో ఉండవు. ఉంటే 28 అనే అంకె పోతుంది మరి. ఆమెకి రావలసిన మెప్పూ ఇచ్చేయాలి. న్యూయార్క్ రాష్ట్రంలో ఆడవాళ్ల రెజ్లింగ్ మీద 1972 దాకా నిషేధం ఉండేది. అది పోగానే ఆ ఏడాది జులై 1న మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో విక్కీ విలియమ్స్‌తో దిగింది మూలాయే.

అసలు సంపాదన మాత్రం ఛాంపియన్ బెల్టులో లేదు. రెజ్లర్ అయిన భర్త బడ్డీ లీతో కలిసి మొదట, ఆయనతో విడిపోయాక ఒంటరిగా, ఆమె అమ్మాయిలకి శిక్షణ ఇచ్చి ప్రమోటర్లకి సరఫరా చేసే వ్యాపారం నడిపింది. సౌత్ కరోలినాలోని కొలంబియా నగరంలో ఆమెకి పెద్ద స్థలం, అందులో ఇళ్లు. వచ్చిన అమ్మాయి శిక్షణకి ఫీజు కట్టాలి, అక్కడే ఉంటే అద్దె కట్టాలి, పంపిన ప్రతి మ్యాచ్ సొమ్ములో పావు వంతు ఆమెకివ్వాలి. చాలాచోట్ల ప్రమోటరు డబ్బు నేరుగా మూలాకి పంపేవాడు, ఆమె పట్టుకోగా మిగిలింది అమ్మాయికి. మీకు మహిళల మ్యాచ్ కావాలా, మూలాకి ఫోన్ చెయ్యండి. అమెరికాలో చాలా ఏళ్లు అంతే దారి. ఆమెతో చెడితే ఆ అమ్మాయికి ఇంకో దారి లేదు. వుల్ఫ్ దగ్గర తాను పడ్డదంతా గుర్తుపెట్టుకుని, అత్తరికం చేతికొచ్చాక కోడళ్లకి అదే వడ్డించిన మనిషి అనిపిస్తుంది నాకు.

2018లో జనం తిరగబడింది కమీషన్ల గురించి కాదు. అంతకంటే ముదిరిన ఆరోపణలున్నాయి. 1960లలో మూలా తయారుచేసిన నల్లజాతి రెజ్లర్ స్వీట్ జార్జియా బ్రౌన్‌ని ప్రమోటర్లకి అప్పగించారని, మత్తుమందులు అలవాటు చేసి చెప్పుచేతల్లో పెట్టుకున్నారని, డబ్బు సరిగా ఇవ్వలేదని ఆమె పిల్లలు 2006లో కొలంబియాలోని ఒక స్థానిక పత్రికకి చెప్పారు. 80లలో శిక్షణ తీసుకున్న మ్యాడ్ మాక్సీన్, అమ్మాయిల్ని బయటి మగాళ్ల దగ్గరికి పంపేదని చెప్పింది. లూనా వాచన్ కూడా అక్కడి అనుభవాల గురించి చేదుగానే మాట్లాడింది. ఇవేవీ కోర్టులో తేలిన విషయాలు కావు. మూలా 2007 నవంబర్ 2న, 84 ఏళ్ల వయసులో చనిపోయింది. ఆమెని వెనకేసుకొచ్చే శిష్యురాళ్లూ ఉన్నారు. బాంబీ పేరుతో ఆడిన సెలీనా మేజర్స్, నేను అక్కడే ఉన్నాను, అలాంటివి చూడలేదు అని గట్టిగానే వాదించింది. ఇద్దరూ నిజమే చెబుతూ ఉండొచ్చు, ఒకే కప్పు కింద అందరికీ ఒకే బతుకు దొరకదు. కానీ డబ్బు లెక్క విషయంలో మాత్రం రెండు పక్షాలకీ పెద్దగా తేడా లేదు. అద్దె, ఫీజు, కమీషన్ ఉన్నమాట నిజం.

ఆమె పద్ధతి ఎలా పనిచేసేదో వెండీ రిక్టర్ కథలో బాగా కనిపిస్తుంది. రిక్టర్ మూలా శిష్యురాలే. 1984 జులై 23న, పాప్ గాయని సిండీ లాపర్ తోడుగా, ఎంటీవీలో లైవ్ వస్తుండగా మూలాని ఓడించి బెల్టు తీసుకుంది. అమెరికా అంతా రెజ్లింగ్ పిచ్చి పట్టిన రోజులు. 1985లో మొదటి రెజిల్‌మేనియాకి జనాన్ని రప్పించిన పేర్లలో హల్క్ హోగన్‌తో పాటు ఆమెదీ ఉంది. ఆ స్థాయికి తగ్గ డబ్బు రావట్లేదని ఆమె కంపెనీతో పేచీ పెట్టుకుంది.

1985 నవంబర్ 25, మాడిసన్ స్క్వేర్ గార్డెన్. రిక్టర్‌కి ఆ రోజు ప్రత్యర్థి స్పైడర్ లేడీ అనే ముసుగు మనిషి. మూలాకి ఆ రోజు మ్యాచ్ లేదు, అయినా బిల్డింగులో కనబడేసరికి అనుమానం వచ్చిందని రిక్టర్ తర్వాత చెప్పింది. మ్యాచ్ మొదలైంది. ముసుగు మనిషి పట్లు బిగుసుగా ఉన్నాయి, రాసుకున్న వరసలో లేవు. ఉన్నట్టుండి రిక్టర్ మెడా కాలూ కలిపి చుట్టేసి వీపు నేలకి ఒత్తింది. రిఫరీ మూడు లెక్కపెట్టేదాకా అలా పట్టి ఉంచితే గెలుపు. రిఫరీ ఒకటి అనగానే రిక్టర్ భుజం పైకి లేపేసింది. నిబంధన ప్రకారం లెక్క అక్కడ ఆగాలి. రిఫరీ చెయ్యి ఆగలేదు: రెండు, మూడు. గంట మోగింది. ఏం జరిగిందో అర్థంకాక రిక్టర్ ఇంకా కొడుతూనే ఉంది, ముసుగు లాగేసింది. లోపల మూలా, వయసు 62. రిక్టర్ బట్టలు కూడా మార్చుకోకుండా, రింగు డ్రెస్‌లోనే టాక్సీ ఎక్కి ఎయిర్‌పోర్టుకి వెళ్లిపోయింది. చాలా ఏళ్లు ఆ కంపెనీ గడప తొక్కలేదు.

మగ ఛాంపియన్ బ్రెట్ హార్ట్‌కి 1997లో మాంట్రియల్‌లో, చెప్పకుండా గంట మోగించి టైటిల్ పీకేసిన మోసం గురించి అభిమానులు ఇప్పటికీ చిలువలు పలువలుగా చెప్పుకుంటారు. దానికి పన్నెండేళ్ల ముందే ఒక ఆడమనిషికి అచ్చంగా అదే జరిగింది, ఎవరికీ అంత గుర్తులేదు.

ఆ తర్వాత పదేళ్లకి పైగా ఆ కంపెనీలో మహిళల విభాగం కాసేపు ఉండి, కాసేపు మూతపడి, ఎటూ కాకుండా నడిచింది. వుల్ఫ్ తొక్కేసిన మిల్డ్రెడ్ బర్క్ సొంతంగా పెట్టుకున్న టైటిల్ మాత్రం జపాన్ చేరి, 1968లో మొదలైన ఆల్ జపాన్ ఉమెన్స్ సంస్థకి పెద్ద బెల్టు అయింది. 80లలో అక్కడి అమ్మాయిలు రింగు తాళ్ల మీంచి ఎగిరి దూకుతుంటే, మూలా శిక్షణలో అమెరికా మ్యాచ్‌లు ఇంకా జుట్టు పట్టి విసురుకోవడం దగ్గరే ఉన్నాయి. 28 ఏళ్ల రికార్డుని ఘనతగా చెప్పేవాళ్లు ఈ పక్క కూడా చూడాలి. ఒకరే అంతకాలం పైన కూర్చుంటే కిందివాళ్లకి పైకొచ్చే చోటే ఉండదు.

మూలాకి మాత్రం ఏ లోటూ రాలేదు. 1995లో డబ్ల్యూడబ్ల్యూఈ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన తొలి మహిళ ఆమే. 1999 అక్టోబర్ 17న 76 ఏళ్ల వయసులో ఐవరీని ఓడించి మళ్లీ టైటిల్ ఎత్తింది, జనం నవ్వారు, చప్పట్లు కొట్టారు. మన టీవీలకొచ్చిన మూలా ఈ మూలా.

2018 ఏప్రిల్ 8న న్యూ ఆర్లీన్స్‌లో ఆ బ్యాటిల్ రాయల్ జరిగింది. నయోమీ గెలిచింది. పాల్గొన్న 20 మందిలో హర్యానా నుంచి వెళ్లిన కవితా దేవి కూడా ఉంది. 2016 దక్షిణాసియా క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగ్ స్వర్ణం తెచ్చి, జలంధర్‌లో గ్రేట్ ఖలీ దగ్గర రెజ్లింగ్ నేర్చుకుని, సల్వార్ కమీజులో రింగెక్కిన మనిషి. అంతకుముందు ఏడాది మే యంగ్ పేరుతో పెట్టిన టోర్నీలోనూ ఆడింది. ఆ పేరుకి ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. కవిత తర్వాత రాజకీయాల్లోకి వెళ్లి, 2024లో జులానా అసెంబ్లీ సీట్లో ఆప్ తరఫున నిలబడింది. ఎదురుగా వినేశ్ ఫోగట్. అక్కడ ఫలితం ముందే రాసి లేదు, వినేశ్ గెలిచింది.

మూలా పేరు హాల్ ఆఫ్ ఫేమ్‌లోంచి తీయలేదు. మిల్డ్రెడ్ బర్క్‌ని 2016లో, లూనా వాచన్‌ని 2019లో, ఇద్దరూ పోయాక, అందులోని లెగసీ విభాగంలో చేర్చారు. 2023 సెప్టెంబర్‌లో హైదరాబాద్ గచ్చిబౌలిలో రియా రిప్లీ, నటాల్యా మహిళా టైటిల్ కోసం తలపడినప్పుడు వాళ్ల మ్యాచ్‌కి నడుమ కమీషన్ పట్టుకునే మూలా ఎవరూ లేరు, కాంట్రాక్టు నేరుగా కంపెనీతోనే. అయితే ఆ కాంట్రాక్టులో రెజ్లర్లు ఇప్పటికీ ఉద్యోగులు కారు, స్వతంత్ర కాంట్రాక్టర్లు. వాళ్లకి యూనియన్ లేదు.