పాత 78 రికార్డులు, ఒంటరి గిటారు: నాకు రోజూ వినపడే అపోహలు

పాత షెల్లాక్ రికార్డుల్ని, అంటే గ్రామఫోన్ మీద వేసే 78ల్ని, డిజిటల్లోకి ఎక్కించి, శుభ్రం చేసి, రీఇష్యూకి, అంటే మళ్ళీ విడుదలకి, రెడీ చేయడం నా పని. ఖాళీ దొరికితే గిటారు వాయిస్తా, వేళ్ళతో, పాట ఉండదు, పక్కన ఇంకెవరూ ఉండరు. రెండూ వేరే వేరే పనులు అనుకుంటారు గానీ నాకైతే ఒకటి లేకపోతే రెండోది అర్థమయ్యేది కాదు, అందుకే కలిపి రాస్తున్నా. నేను చెప్పేది 1920ల, 30ల అమెరికన్ ఫోక్, బ్లూస్ రికార్డుల గురించి, వాటిలోంచి పుట్టిన సోలో గిటారు గురించి.

అపోహ: గరగర మొత్తం తీసేస్తే అసలు పాట బయటపడుతుంది

అందరికంటే ఎక్కువగా అడిగేది ఇదే. "ఇప్పుడు సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి కదండీ, నాయిస్ తీసేసి గొంతు, గిటారు ఉంచెయ్యండి" అంటారు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరేద్దామంటే అవి అలా విడివిడిగా ఉండవు. షెల్లాక్ అంటే మన లక్కే, అందులో మెత్తగా నూరిన రాతి పొడి కలిపి రికార్డు నొక్కేవాళ్ళు. ఆ పొడి పొరపాటున పడింది కాదు, పాత గ్రామఫోన్ ఇనుప ముల్లు మొదటి కొన్ని చుట్లలోనే అరిగి గాడి ఆకారంలోకి రావాలి కాబట్టి కావాలనే కలిపారు. అంటే ఆ సుయ్ మనే శబ్దం రికార్డు ఒంట్లోనే ఉంది. పైగా అది ఉండే ఫ్రీక్వెన్సీలోనే స్టీలు తీగని గోరు తాకే మొదటి టిక్కు, తీగ మీద వేలు జారే చప్పుడు, పాటలో "స" అనే అక్షరం కూడా ఉంటాయి. ఒకదాన్ని గట్టిగా తోమితే రెండోది కూడా పోతుంది. అతిగా క్లీన్ చేసిన ట్రాక్ వింటే గిటారు నీళ్ళ బకెట్లో పెట్టి వాయించినట్టు ఉంటుంది, బొటనవేలు కొట్టే బాస్ నోటు ఎక్కడ మొదలైందో కూడా తెలీదు.

నిజానికి సగం పని కంప్యూటర్ ఆన్ చేయకముందే అయిపోతుంది. ఎల్పీ (తర్వాతి కాలపు వినైల్ రికార్డు) ముల్లు కొన సుమారు 25 మైక్రాన్లు, 78కి కావాల్సింది దాదాపు 75. ఎల్పీ ముల్లుతో 78 వేస్తే అది గాడి అడుగుకి దిగిపోయి అక్కడున్న మట్టిని గీక్కుంటూ పోతుంది, ఇంట్లో ట్రై చేసి "అబ్బే పాతవి ఇంతే" అని పక్కన పడేసేవాళ్ళలో చాలామంది చేసింది ఇదే. నా దగ్గర రకరకాల సైజుల ముళ్ళు ఉన్నాయి, ఎందుకంటే పాతరోజుల్లో ఇనుప ముల్లు గాడి గోడని ఒక ఎత్తులోనే అరగదీస్తుంది, కొంచెం లావు ముల్లు వేస్తే దానికి పైన అరగని గోడ మీద నడుస్తుంది, ఒక్కోసారి ఆ చిన్న మార్పుతోనే గొంతు ముందుకొచ్చి నిలబడుతుంది. తర్వాత స్టీరియో కార్ట్రిడ్జ్‌లోంచి వచ్చే రెండు ఛానల్సూ కలిపి మోనో చేస్తాం, పాట అంతా పక్కలకి కదిలే గాడిలో ఉంటుంది కాబట్టి పైకీ కిందకీ వచ్చే చప్పుడు చాలావరకు కొట్టుకుపోతుంది. ఆ తర్వాతే డీక్లిక్, అంటే టక్కుటక్కుమనే చప్పుళ్ళు తీసేయడం, అది కూడా చెయ్యి అదుపులో పెట్టుకుని.

శుభ్రం చేయడం గురించి ఒక మాట. మొదట్లో ఎల్పీలకి వాడే లిక్విడ్‌తోనే ఒక 78ని తుడిచాను, అందులో ఆల్కహాల్ ఉందని చూసుకోలేదు, ఆల్కహాల్‌కి లక్క కరిగిపోతుంది. గుడ్డ తీసి చూస్తే నల్లగా మరక, రికార్డు మీద నా వేలు వెడల్పున మెరుపు పోయింది. అదృష్టం కొద్దీ అది పెద్ద అరుదైనది కాదు. ఇప్పటికీ దాన్ని టేబుల్ మీదే పెట్టుకున్నా.

అపోహ: 78 అంటే నిమిషానికి 78 చుట్లు, అంతే

పేరు మాత్రమే 78. మోటార్లు ఒక పద్ధతికొచ్చాక 60 హెర్ట్జ్ కరెంటు ఉన్న చోట 78.26 అయింది, 50 హెర్ట్జ్ ఉన్న చోట 77.92. అంతకుముందు ఒక్కో కంపెనీది ఒక్కో స్పీడు, ఒకే కంపెనీలో కూడా రోజుకో రకంగా ఉండేది. స్పీడు 6 శాతం తేడా వస్తే శ్రుతి దాదాపు అర మెట్టు మారిపోతుంది, అంటే నాలుగున్నర, ఐదు చుట్ల తేడాకే సి కాస్తా సి షార్ప్ అయిపోతుంది. మరి అసలు స్పీడు ఎలా పట్టుకుంటాం? గిటారు ఎక్కడో చోట శ్రుతి చేసుకుని ఉండొచ్చు కాబట్టి అది సాక్ష్యంగా పనికిరాదు. హార్మోనికా ఉంటే పండగ, దాని శ్రుతి ఫ్యాక్టరీలోనే ఫిక్స్ అయిపోయింది కాబట్టి. పియానో ఉన్నా కొంత నయం. ఏదీ లేకపోతే అదే రోజు అదే మెషీన్ మీద చేసిన వేరే రికార్డులతో పోల్చి చూడాలి.

దీనికి అన్నగారు లాంటి అపోహ ఒకటుంది, బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ రికార్డులన్నీ 20 శాతం ఫాస్ట్‌గా ఉన్నాయి, స్లో చేసి వింటేనే అసలు మనిషి అని. ఇంటర్నెట్‌లో ప్రతి రెండేళ్ళకోసారి తిరిగొస్తుంది. ఆయన రికార్డు చేసింది రెండే సార్లు, 1936 నవంబర్‌లో శాన్ ఆంటోనియోలో, 1937 జూన్‌లో డల్లాస్‌లో. మధ్యలో ఏడు నెలలు, వేరే ఊరు. రెండు చోట్లా మెషీన్ అచ్చం అంతే తప్పు అవ్వాలి, అదే రోజుల్లో అక్కడే రికార్డు చేసిన మిగతావాళ్ళ పాటలు మాత్రం మామూలుగా ఉండాలి. 20 శాతం అంటే మూడు అర మెట్ల పైనే, అంత తగ్గిస్తే మాట కూడా మందు కొట్టినవాడి మాటలా సాగుతుంది. కొద్దిపాటి తేడా ఉండొచ్చు, అది ఏ 78కైనా ఉండేదే. స్లో చేసినది మీకు బాగుంటే వినండి, అది మీ ఇష్టం, కానీ దాన్ని "ఒరిజినల్" అనకండి.

అపోహ: రీఇష్యూలు మాస్టర్ టేపుల నుంచి చేస్తారు

ఏ టేపు? అప్పటికి ఆ స్టూడియోల్లో టేపే లేదు. మైనం పలక మీద గాడి కోసి, దాన్నించి లోహపు అచ్చు తీసి, ఆ అచ్చుతో లక్క నొక్కేవాళ్ళు. లోహపు అచ్చులు మిగిలితే బ్రహ్మాండం, కానీ చాలా పోయాయి. పారామౌంట్ అయితే మరీ, అది అసలు విస్కాన్సిన్‌లో ఒక కుర్చీల కంపెనీ పెట్టిన లేబుల్, గ్రామఫోన్ పెట్టెలు అమ్ముకోడానికి రికార్డులు కూడా మొదలెట్టారు. చార్లీ ప్యాటన్, స్కిప్ జేమ్స్ లాంటి బ్లూస్ గాయకుల్ని రికార్డు చేసింది వాళ్ళే, చవక రకం లక్క వాడిందీ వాళ్ళే, తర్వాత అచ్చులు తుక్కు కింద పోయాయి. ఇప్పుడు మనం వినేది ఎవరో కలెక్టర్ అలమరాలో బతికి బయటపడ్డ కాపీ. కొన్ని రికార్డులకి ప్రపంచం మొత్తం మీద తెలిసిన కాపీలు ఒకటో రెండో. సన్ హౌస్ అనే బ్లూస్ గాయకుడు 1930లో చేసిన ఒక రికార్డు డెబ్భై ఏళ్ళ పైన ఎవరి కంటా పడలేదు, 2000ల్లో ఒక్క కాపీ దొరికింది. కాబట్టి "ఇంకా మంచి కాపీ నుంచి చేయొచ్చు కదా" అని కామెంట్ పెట్టేముందు ఒక్క నిమిషం ఆగండి.

ఇంకోటి, వినైల్ మీద వచ్చింది కాబట్టి పూర్తి అనలాగ్ అనుకుంటారు. కాదు, దాదాపు అన్నీ డిజిటల్ దాటే వస్తాయి. అందులో తప్పేమీ లేదు.

అపోహ: ఆ రికార్డులు పల్లెల స్వచ్ఛమైన గొంతు

స్వచ్ఛం అనే మాట వింటేనే నాకు చిరాకు. అవి వ్యాపారం కోసం చేసిన రికార్డులు. ఏ పాట ఉండాలి, ఏది వద్దు అన్నది కంపెనీ మనిషి తేల్చేవాడు, 10 అంగుళాల రికార్డులో పట్టేది మూడు నిమిషాల చిల్లర, ఇంటి దగ్గర పావుగంట సాగే పాటని అక్కడ కోసేసేవాళ్ళు. నల్లవాళ్ళవి "రేస్ రికార్డులు" అని ఒక కేటలాగ్, తెల్లవాళ్ళవి "హిల్‌బిల్లీ" అని ఇంకో కేటలాగ్. అసలు మనుషులు వాయించుకునేది ఇంత గీతలు గీసుకుని కాదు, వాల్ట్జ్‌లు, సినిమా పాటలు, చర్చి పాటలు అన్నీ అదే చేత్తో వాయించేవాళ్ళు, కంపెనీకి అవి అక్కర్లేదు.

1952లో హ్యారీ స్మిత్ ఫోక్‌వేస్ అనే రికార్డు కంపెనీ కోసం 84 పాత రికార్డింగులు ఏరి కూర్చిన ఆంథాలజీలో ఎవరు నల్ల, ఎవరు తెల్ల అని ఎక్కడా రాయలేదు. దాంతో అందులో ఉన్న నల్లజాతి గాయకుడు మిస్సిసిప్పీ జాన్ హర్ట్ తెల్లవాడేమో అని ఏళ్ళ తరబడి అనుకున్నవాళ్ళున్నారు. ఆయన 1928లో ఓకే (OKeh) అనే రికార్డు కంపెనీకి పాడి ఇంటికెళ్ళి పొలం పని చేసుకున్నారు. 1963లో, పాటలో ఆయన తన ఊరి పేరు అవలాన్ అని చెప్పుకున్నారు కదా, ఆ ఒక్క మాట పట్టుకుని వెతుక్కుంటూ వెళ్తే ఇంట్లోనే దొరికారు. రీఇష్యూ పుణ్యమా అని రెండోసారి స్టేజి ఎక్కారు, మూడేళ్ళకే పోయారు.

అపోహ: అంత పాతవి కదా, ఎవరైనా వాడుకోవచ్చు

వద్దు బాబూ. అమెరికాలో 2018 నాటి చట్టం ప్రకారం 1923 నుంచి 1946 దాకా వచ్చిన రికార్డింగులకి వందేళ్ళ రక్షణ ఉంది. అంటే 1928 రికార్డింగు 2029 జనవరి 1న ఫ్రీ అవుతుంది, అంతకుముందు కాదు. అది రికార్డింగు సంగతి, పాట రాసిన హక్కు వేరే లెక్క. వేరే దేశాల్లో వేరే లెక్కలు.

అపోహ: అమెరికన్ ప్రిమిటివ్ అంటే రాని వాళ్ళు వాయించేది

ఇక గిటారు వైపు. నేను మొదట్లో చెప్పిన ఒంటరి గిటారు పద్ధతినే అమెరికన్ ప్రిమిటివ్ అంటారు. ఈ పేరు పెట్టిన గిటారిస్టు జాన్ ఫేహీ ఉద్దేశం ఎవరి దగ్గరా క్లాసులకెళ్ళకుండా సొంతంగా నేర్చుకున్న కళ అని, పెయింటింగ్‌లో ప్రిమిటివ్ అంటారు కదా అలా. మనిషి ఏమీ తెలీనివాడు కాదు, చార్లీ ప్యాటన్ మీద యూనివర్సిటీలో థీసిస్ రాశాడు, దక్షిణాదిలో ఇంటింటికీ తిరిగి తలుపులు తట్టి 78లు కొన్నాడు. 1959లో సొంత డబ్బుతో టకోమా లేబుల్ పెట్టి మొదటి ఎల్పీ ఓ వంద కాపీలు వేయించాడు, కవర్ మీద ఒకవైపు తన పేరు, రెండో వైపు బ్లైండ్ జో డెత్ అని కల్పించిన ఒక పాత బ్లూస్ గాయకుడి పేరు. రీఇష్యూల పిచ్చిని ముందే వెక్కిరించినట్టుంది నాకైతే.

"ఓపెన్ ట్యూనింగ్ అంటే షార్ట్‌కట్" అని కూడా అంటారు. ఓపెన్ జి, అంటే డి జి డి జి బి డి అని తీగలు బిగిస్తే ఎడమ చెయ్యి పెట్టకుండానే కార్డ్ (కలిసి పలికే స్వరాలు) మోగుతుంది, నిజమే. కష్టం కుడి చేతిలో ఉంది. బొటనవేలు గడియారంలా బాస్ తీగల మీద అటూ ఇటూ నడుస్తూనే ఉండాలి, మిగతా వేళ్ళు ఆ నడకకి అడ్డంగా పాట పాడాలి. నాకు బొటనవేలు ఆగకుండా నడవడానికే ఏడాది పట్టింది. పాతతరం గిటారిస్టు ఎలిజబెత్ కాటన్ ఎడమచేతి వాటం, తీగలు మార్చకుండా గిటారు తిరగేసి పట్టుకుని బాస్ వేళ్ళతో, పాట బొటనవేలితో వాయించేది. ఆవిడది నేర్చుకుందామని కూర్చుంటే తెలుస్తుంది ఏది షార్ట్‌కట్టో.

ఇప్పటివాళ్ళు పాతదాన్ని కాపీ కొడుతున్నారన్నది కూడా విన్నవాళ్ళు అనే మాట కాదు. యాస్మిన్ విలియమ్స్ గిటారుని ఒళ్ళో పడుకోబెట్టి తీగల మీద రెండు చేతులతో తట్టి వాయిస్తుంది, కాళ్ళకి ట్యాప్ షూస్. వేల్స్ నుంచి వచ్చిన గ్వెనిఫర్ రేమండ్ వేగం చూస్తే 78 కాలం గుర్తుకే రాదు.

అపోహ: పాతవాళ్ళ దగ్గర రహస్య ట్యూనింగులు ఉండేవి

నేనూ నమ్మాను. ఒక పాత గిటారు ట్రాక్ నేర్చుకుందామని రెండు వారాలు కుస్తీ పట్టాను, ఏ పద్ధతిలో బిగించినా కింది తీగ కుదరదు, చివరికి ఎవరూ విననిదేదో ట్యూనింగ్ కనిపెట్టి నోట్‌బుక్‌లో రాసుకున్నాను కూడా. తర్వాత అదే సెషన్ నుంచి హార్మోనికా ఉన్న ఇంకో రికార్డు నా పని మీదే వచ్చింది, దాని లెక్కన చూస్తే నేను విన్న ఫైలు నాలుగు శాతం స్పీడు ఎక్కువ. తగ్గించి వేశాను. మామూలు ఓపెన్ డి. రికార్డులో ఆ పాత గిటారిస్టు మొదటి నోటు కొట్టగానే నా గిటారు కింది తీగ దానంతటదే కొంచెం మోగింది.