మానని పుండు, నానో జెల్: మధ్యలో తప్పిపోయిన ముక్క పరీక్ష

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో సిరొంచ, అంకీసా, అసరల్లి వైపు ఫోన్లలో అదే వీడియో మళ్లీ తిరుగుతోంది. కాలి మీద ఏళ్లనాటి పుండు, దాని మీద బూడిద రంగు జెల్, ఆ తర్వాత నున్నగా మానిన చర్మం. కింద తెలుగులో రెండు ముక్కలు: నానో వెండి ఎలాంటి పుండునైనా మాన్పుతుంది, చర్మ క్యాన్సర్‌ను కూడా తగ్గిస్తుంది. కొన్నవాళ్లు ఒకటి చెబుతున్నారు, అమ్మేవాళ్లు ఇంకొకటి చెబుతున్నారు, ముందు ముక్క తీసి పరీక్షకు పంపమంటున్న డాక్టర్ల మాట మాత్రం వాట్సాప్‌లో ఎవరూ ఫార్వర్డ్ చేయడం లేదు.

వెండి క్రిములను చంపుతుందన్న సంగతి అందరికీ తెలిసిందే. కాలిన గాయాలకు రాసే తెల్ల ఆయింట్‌మెంట్‌లో ఉండే సిల్వర్ సల్ఫాడయజిన్ 1968 నుంచీ ఉంది. ఆ పాత కథంతా ఇక్కడ అక్కర్లేదు. ఇవాళ్టి గొడవకు బీజం పడింది 1990ల చివర్లో అని నా నమ్మకం.

కెనడాలోని ఆల్బర్టాలో రాబర్ట్ బరెల్ అనే శాస్త్రవేత్త బృందం అప్పట్లో వెండిని నానో స్ఫటికాలుగా, అంటే కంటికి ఆననంత సన్నని రేణువులుగా, జాలీ మీద పూత పూసి కట్టు తయారు చేసింది. యాక్టికోట్ అనే పేరుతో అది మార్కెట్లోకి వచ్చింది. అది పరిష్కరించిన చిక్కు నిజమైనదే. గాయంలో ఊరే రసిలో ఉప్పుకు సంబంధించిన క్లోరైడ్, మాంసకృత్తులు ఉంటాయి. మామూలు వెండి మందు వాటితో కలిసిపోయి త్వరగా పని మానేస్తుంది, అందుకే తెల్ల ఆయింట్‌మెంట్‌ను రోజుకు ఒకటి రెండుసార్లు కడిగి మళ్లీ రాయాలి. కాలిన ఒంటి మీద ఆ కడగడం ఎంత నరకమో చూసినవాళ్లకే తెలుసు. నానో స్ఫటికాల నుంచి వెండి అయాన్లు నిదానంగా విడుదలవుతాయి, కట్టు మూడు రోజులు ఉంచవచ్చు. దీన్ని వాడటంలో ఒక చిన్న మెలిక ఉంది. ఈ కట్టును తడపాల్సింది సెలైన్‌తో కాదు, శుద్ధి చేసిన నీటితో. సెలైన్‌లోని ఉప్పు వెండిని పట్టేసుకుంటుంది. మన దగ్గర గాయం అనగానే చేతికందేది సెలైన్ సీసానే.

అసలు మలుపు ఇక్కడే ఉంది. ఆ కట్టుకు అనుమతి వచ్చింది క్రిములను అడ్డుకునే కట్టుగా. పుండును మాన్పే మందుగా కాదు. క్రిమి చావడం వేరు, పుండు మానడం వేరు. కానీ అమ్మకాల భాషలో ఆ రెండూ ఒకటైపోయాయి. తర్వాత వచ్చిన పరీక్షలు ఆ తేడాను బయటపెట్టాయి గానీ, అప్పటికే మాట ఊళ్లు దాటింది. 2009లో బ్రిటన్‌లో కాలి సిరల పుండ్లున్న 213 మంది మీద వల్కన్ అనే పరీక్ష జరిగింది. పన్నెండు వారాలకు మానిన పుండ్ల సంఖ్యలో వెండి కట్టుకూ మామూలు కట్టుకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు, ఖర్చు మాత్రం పెరిగింది. 2010లో, వైద్య పరీక్షల ఫలితాలను కలిపి తూచే కాక్రేన్ సంస్థ సమీక్ష 26 పరీక్షలను, 2066 మంది రోగులను కలిపి చూసి, వెండి కట్లూ క్రీములూ గాయాన్ని మాన్పుతాయనో, చీము పట్టకుండా ఆపుతాయనో చెప్పేందుకు ఆధారాలు చాలవని తేల్చింది. అంతకుముందే 2006లో, ఒంటి మీద 30 శాతం కాలిన 17 ఏళ్ల కుర్రాడికి ఆ కట్టు వేశాక చర్మం బూడిద రంగుకు తిరిగిందనీ, లివర్ పరీక్షల్లో విలువలు పెరిగాయనీ డాక్టర్లు రాశారు. కట్టు తీసేశాక విలువలు దిగాయి.

నానో కట్టు దండగ అని నేను అనడం లేదు. రోజుకూలి వదులుకుని కట్టు మార్పించుకోవడానికి వచ్చే మనిషికి మూడు రోజులకోసారి వస్తే చాలనడం పెద్ద మేలు. అమ్మేవాళ్ల వాదనలో ఈ ముక్క న్యాయమైనదే.

క్యాన్సర్ మాట మాత్రం పూర్తిగా వేరే దారిలో వచ్చింది. 1995లో అమెరికాలో అనుమతి పొందిన డాక్సిల్ అనే క్యాన్సర్ మందు మొదటి నానో మందుల్లో ఒకటి. ఎయిడ్స్ రోగుల్లో చర్మం మీద కనిపించే కపోసి సార్కోమా అనే క్యాన్సర్‌కు దాన్ని సూదిమందుగా ఇచ్చారు. 2003లో రైస్ యూనివర్సిటీలో నవోమి హాలస్, జెన్నిఫర్ వెస్ట్ బంగారు నానో గుళికలను కాంతితో వేడెక్కించి కణితి కణాలను చంపవచ్చని చూపించారు. చర్మ క్యాన్సర్‌కు పైన రాసే జెల్ కూడా ఉన్న మాట నిజమే. దాని పేరు అమెలూజ్, అది నానో ఎమల్షన్, అంటే అతి సన్నని నూనె బిందువులు కలిసిన జెల్. యూరప్‌లో 2011లో ఎండ వల్ల వచ్చే చర్మపు గరుకు మచ్చలకు, 2017లో బేసల్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్‌లో కొన్ని రకాలకు అనుమతి వచ్చింది. అందులో వెండి లేదు. జెల్ రాసి, మూసి, మూడు గంటలు ఆగి, క్లినిక్‌లో ఎర్ర కాంతి కింద పెట్టాలి. ముందు అది ఏ క్యాన్సరో తేలాలి. ఇక రక్తంలోకి ఎక్కించే నానో కణాల సంగతి చూస్తే, పదేళ్ల పరిశోధనలను కలిపి చూసిన టొరంటో బృందం 2016లో చెప్పిన లెక్క ఇది: ఎక్కించిన దానిలో కణితి దాకా చేరేది మధ్యస్థంగా (మీడియన్) 0.7 శాతం.

వెండి కట్టుది ఒక దారి, క్యాన్సర్ మందుది ఇంకో దారి. రెంటికీ ఉమ్మడిగా ఉన్నది నానో అన్న పేరొక్కటే. మన ఊళ్లలో ఆ రెంటినీ ఒకే ట్యూబులో కలిపేశారు. కలిపినచోటే ప్రమాదం ఉంది, ఎందుకంటే కొన్ని పుండ్లు మానకపోవడానికి కారణమే క్యాన్సర్. పాత కాలిన మచ్చ, ఏళ్ల తరబడి మానని పుండు, అదే పనిగా ఒరుసుకునే చోటు క్యాన్సర్‌గా మారవచ్చు. ఫ్రాన్స్ డాక్టర్ మార్జొలిన్ ఇలాంటి పుండ్ల గురించి 1828లోనే రాశారు, ఆయన పేరే వాటికి నిలిచింది. పంచె కట్టు ఒరిపిడితో నడుము దగ్గర వచ్చే క్యాన్సర్ గురించి పరిశోధకులు ఖానోల్కర్, సూర్యాబాయి 1945లో రాశారు. 2024లో మహారాష్ట్రలోని వార్ధా, బిహార్‌లోని మధుబని డాక్టర్లు ఇద్దరు ఆడవాళ్ల కేసులు ప్రచురించారు. ఒకామెకు 70 ఏళ్లు, నడుము పక్కన పద్దెనిమిది నెలలుగా మానని పుండు. ఇంకొకామె లంగా లేకుండా లుగ్డా చీరను నడుముకు బిగించి నలభై ఏళ్లు కట్టింది. పుండు రెండేళ్లది, వ్యాధి అప్పటికే గజ్జల్లోని గ్రంథులకు పాకింది.

వార్ధా మనకు పరాయి ఊరు కాదు. గోచీ చీర, లంగా బొందు మన ఇళ్లలో రోజూ ఉండేవే. మా మేనత్తకు నడుము పక్కన, సరిగ్గా బొందు ముడి పడే చోట పుండు వచ్చింది. ఒక ఏజెంటు ఇచ్చిన నానో జెల్ ఐదు నెలలు రాసింది. వాసన పోయింది, రసి తగ్గింది. "మానుతోంది బిడ్డా, చూడు" అని నాకు చూపించింది. నడిమధ్య శుభ్రంగానే ఉంది. అంచు మాత్రం లోపల గట్టి తాడు కుట్టినట్టు పైకి లేచి ఉంది. వెండి క్రిముల పని పట్టింది, అంచును ఏమీ చేయలేదు. పుండు బాగుపడుతున్నట్టు కనిపించడం వల్లే మేం ఐదు నెలలు ఆగాం.

జెల్ రాయండి గానీ, మానని పుండుకు ముందు అంచు నుంచి ముక్క తీసి పరీక్షకు (బయాప్సీకి) పంపండి అన్నదే డాక్టర్ల మాట. నెలల తరబడి మానకపోయినా, అంచు లేచినా, ముట్టుకుంటే నెత్తురు కారినా ఆగొద్దంటారు. ఒక చోట కాదు, అంచు మీద రెండు మూడు చోట్ల తీయాలని కూడా చెబుతారు. అమ్మేవాళ్లు దీనికి "కత్తి పెడితే పాకుతుంది" అంటారు. ఆ భయం మన దగ్గర ముందే ఉంది, వాళ్లు దాన్ని వాడుకుంటున్నారు. ముక్క తీసినందుకు ఇలాంటి చర్మపు పుండు పాకదు, ఆలస్యం చేస్తే పాకుతుంది.

చట్టం లేదనడానికి వీల్లేదు. క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారమే నేరం. నానో మందుల నాణ్యత, భద్రత, పనితనం ఎలా తేల్చాలో చెబుతూ 2019 అక్టోబరులో కేంద్రం మార్గదర్శకాలు కూడా విడుదల చేసింది. కానీ ట్యూబు మీద పైపూత జెల్ అనే అచ్చవుతుంది. క్యాన్సర్ మాట వీడియోలో ఉంటుంది, ఏజెంటు నోట్లో ఉంటుంది.

జిల్లా కేంద్రం గడ్చిరోలి ఇక్కడికి రెండు వందల కిలోమీటర్ల దూరం. జెల్ అయితే ఇంటి గుమ్మం దాకా వస్తుంది. అత్త ముక్కను గోదావరి అవతల ఒక చిన్న క్లినిక్‌లో తీశారు. శనగగింజంత ఉంది. ముక్క పాడవకుండా ఉంచే ఫార్మలిన్ సీసాలో వేసి, మూతకు ప్లాస్టర్ చుట్టి, పేరు రాసి నా చేతిలో పెట్టారు. వరంగల్ ల్యాబ్ దాకా బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. రిపోర్టు తొమ్మిదో రోజు వచ్చింది.