ఆమ్లెట్ ఉడికినంత మాత్రాన యాభై డిగ్రీలు కాదు: పల్నాటి ఎండలపై అపోహలు, వాస్తవాలు

ఏప్రిల్ సగం దాటిందంటే మా పల్నాడులో ఒక తంతు మొదలవుతుంది. ఒక కుర్రాడు ఎండకి కాలిన నాపరాయి మీద గుడ్డు పగలగొడతాడు, ఇంకొకడు ఫోన్ పట్టుకుని "చూడండి ఫ్రెండ్స్, రెంటచింతలలో యాభై డిగ్రీలు" అని అరుస్తాడు. సాయంత్రానికి ఆ రీల్‌ని నాకు పది మంది పంపిస్తారు, "నిజమేనా బాబాయ్?" అంటూ.

నన్నే ఎందుకు అడుగుతారంటే, రిటైరయ్యేదాకా నేను వాతావరణ పరిశీలకుణ్ని. జోస్యం చెప్పే పని కాదది. ఉదయం ఎనిమిదిన్నరకి, సాయంత్రం ఐదున్నరకి ఆవరణలోకి వెళ్లి, తెల్లపెట్టె తలుపు తీసి, థర్మామీటర్లు చూసి, రిజిస్టర్‌లో రాసి పైకి పంపడం. పండగైనా పబ్బమైనా ఆ టైముకి అక్కడ ఉండాల్సిందే. మా పెద్దమ్మాయి అప్పగింతలప్పుడు నేను పెట్టె దగ్గరే ఉన్నాను. ఆ మాట మా ఆవిడ ఇప్పటికీ ఎత్తుతుంది.

అపోహ: రాయి మీద గుడ్డు ఉడికిందంటే ఉష్ణోగ్రత 50 దాటినట్టే.

గుడ్డు చెప్పేది రాయి వేడి. తెల్లసొన గట్టిపడటం మొదలవ్వాలంటే 60 డిగ్రీలు దాటాలి. మే నెల మధ్యాహ్నం నల్ల నాపరాయో, తారురోడ్డో ఆ వేడికి చేరడం పెద్ద విశేషం కాదు. అదే సమయంలో ఆ రాయికి నాలుగడుగుల ఎత్తున నీడలో గాలి 43, 44 ఉంటుంది. పేపర్లో వచ్చేది ఈ గాలి లెక్క.

ఆ నీడ కూడా ఏ చెట్టు నీడో అయితే కుదరదు. స్టీవెన్‌సన్ స్క్రీన్ అని ఒక చెక్కపెట్టె ఉంటుంది. తెల్లరంగు వేస్తారు. గాలి ఆడేలా నాలుగు వైపులా ఏటవాలు చెక్కలుంటాయి. తలుపు ఉత్తరం వైపే ఉండాలి, తీసినప్పుడు లోపల ఎండ పడకూడదని. మాకు మొదటి రోజే నేర్పిన సంగతి ఒకటుంది: తలుపు తీయగానే ముందు దశాంశం చదవాలి, తర్వాతే పూర్తి అంకె. ఎందుకంటే మనం అక్కడ నిలబడ్డ కాసేపటికే మన ఊపిరికి, ఒంటి వేడికి పాదరసం కదిలిపోతుంది. మనిషి ఊపిరికే కదిలే వస్తువుని నేరుగా ఎండలో పెడితే ఇంకేం చెబుతుంది? తాను ఎంత కాలిందో చెబుతుంది, గాలి సంగతి కాదు. కారు డాష్‌బోర్డు మీద కనిపించే 49 కూడా ఈ బాపతే.

అపోహ: మిట్టమధ్యాహ్నం పన్నెండింటికే వేడి ఎక్కువ.

సూర్యుడు నడినెత్తికి వచ్చేది అప్పుడే. కానీ నేల పుచ్చుకునే వేడి, వదిలే వేడి కంటే ఎక్కువగా ఉన్నంతసేపూ గాలి కాగుతూనే ఉంటుంది. గరిష్ఠం నమోదయ్యేది చాలాసార్లు రెండున్నర, మూడున్నర మధ్య. "పన్నెండు దాటిపోయిందిగా, ఇక తగ్గుద్దిలే" అని రెండింటికి బండి తీసేవాళ్లని చూస్తే నాకు టెన్షన్. కనిష్ఠం కూడా అంతే. అర్ధరాత్రి కాదు, పొద్దు పొడిచే ముందు.

అపోహ: ఫోన్‌లో చూపించేది మన ఊళ్లో కొలిచిన ఉష్ణోగ్రత.

చాలా యాప్‌లు చూపించేది లెక్కగట్టిన అంకె. కంప్యూటర్ మోడల్ భూమిని గళ్లు గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడికి ఒక్కో అంచనా వేస్తుంది. ఆ గడిలో మీ ఊరు, పక్క కొండ, కృష్ణ ఒడ్డు అన్నీ కలిసిపోయి ఉండొచ్చు. అందుకే ఒకే బజారులో ఒకడి ఫోన్‌లో 41, ఇంకొకడి ఫోన్‌లో 44. ఇద్దరూ టీకొట్టు దగ్గర పందెం వేసుకుని నా దగ్గరికి వస్తారు. పైగా కింద చిన్న అక్షరాలతో ఉండే "ఒంటికి అనిపించేది 47" అన్నదాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఇదే ఉష్ణోగ్రత అని పంచేవాళ్లు కొందరు. కొలిచిన అంకె కావాలంటే భారత వాతావరణ శాఖ వాళ్ల 'మౌసమ్' యాప్‌లో మీకు దగ్గరి కేంద్రం చూసుకోండి. అది ఎంత దూరంలో ఉందో కూడా చూసుకోండి.

అపోహ: మనిషైతే పొరపాటు పడతాడు, ఆటోమేటిక్ యంత్రం పడదు.

2024 మే 29న ఢిల్లీ దగ్గర ముంగేష్‌పూర్‌లో ఆటోమేటిక్ స్టేషన్ 52.9 డిగ్రీలు చూపించింది. దేశమంతా హోరెత్తింది. అప్పటికి దేశంలో రికార్డు రాజస్థాన్‌లోని ఫలోదీలో 2016 మే 19న నమోదైన 51.0. తీరా ప్రామాణిక పరికరంతో పోల్చి చూస్తే ముంగేష్‌పూర్ సెన్సర్ సుమారు 3 డిగ్రీలు ఎక్కువ చూపిస్తోందని వాతావరణ శాఖే తేల్చింది.

అంత దూరం ఎందుకు? నేనొకసారి ఒక ఆఫీసు డాబా మీద పెట్టిన సెన్సర్ చూశాను. రెండు గజాల దూరంలో ఏసీ వెనక డబ్బా సెగ కక్కుతోంది. ఇదేమిటయ్యా అంటే, "ఇక్కడైతే కోతులు రావండీ" అన్నాడు అక్కడి మనిషి. ఆయన బాధ ఆయనది. కానీ ఆ ఊరి ఉష్ణోగ్రతగా ఆ అంకె ఎన్నాళ్లు చలామణీ అయిందో! యంత్రాలు వద్దనడం లేదు. మండలానికొకటి ఉండబట్టే ఇవాళ ఏ మండలంలో వడగాలి అన్నది విడివిడిగా చెప్పగలుగుతున్నారు. కాకపోతే పక్క మండలాలన్నీ 43 దగ్గరుంటే ఒక్క చోటే 47 కనిపించిందంటే ముందు యంత్రాన్ని అనుమానించాలి, తర్వాతే ఎండని.

అపోహ: పక్కనే నాగార్జునసాగర్ ఉండగా ఇంత ఎండ ఏమిటి? సున్నపు బట్టీల వల్లే.

ఈ మాట పిడుగురాళ్ల వైపు ఎక్కువ వింటాను. బట్టీ పక్కన నిలబడితే సెగ తగులుతుంది, నిజమే. కానీ ఊరు దాటాక ఆ సెగకి లెక్క లేదు. బట్టీ ఒక్కటీ లేని ఊళ్లలో కూడా అదే 44 కాస్తోంది కదా.

అసలు సంగతి గాలిలో ఉంది. మార్చి చివరి నుంచి మాకు మధ్యాహ్నం పూట వీచేది పడమర, వాయవ్య గాలి. అది తెలంగాణ పీఠభూమి మీద ఎండి, కాగి వస్తుంది. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. పల్నాడులో చాలా ఊళ్లు అందులో మూడో వంతు ఎత్తులో కూడా లేవు. గాలి ఎత్తు నుంచి కిందికి దిగేకొద్దీ ఒత్తిడికి వేడెక్కుతుంది. పొడిగాలైతే వంద మీటర్లకి దాదాపు ఒక డిగ్రీ. హైదరాబాద్‌లో 41 ఉన్న రోజు మా దగ్గర 44 ఎందుకుంటుందో ఇందులోనే సగం జవాబు ఉంది. మిగతా సగం సముద్రం. తీరంలో మధ్యాహ్నానికల్లా సముద్రపు గాలి లేచి ఎండని కోసేస్తుంది. గుంటూరుకి అది సాయంత్రానికి అందుతుంది. మా దాకా వచ్చేసరికి చాలా రోజులు పొద్దుపోతుంది, కొన్ని రోజులు రానే రాదు. దీనికి తోడు నేలంతా సున్నపురాయి, నాపరాయి. తడి లేని రాతినేల మీద పడ్డ ఎండంతా వేడిగానే మారుతుంది, నీటిని ఆవిరి చేయడానికి ఖర్చు కాదు.

మరి సాగర్? వేసవిలో నీళ్లు అడుగుకి పోయిన జలాశయం ఒడ్డున కాస్త చల్లగా ఉంటుంది. మాచర్ల దాకా కూడా ఆ చల్లదనం రాదు.

అపోహ: 37 ఉన్న బాపట్ల వాళ్లకేం, హాయి. 44లో మనమే చస్తున్నాం.

మా అత్తగారి వైపు వాళ్లు తీరం మనుషులు. వాళ్లతో ఈ గొడవ నాకు పాతికేళ్లుగా ఉంది.

తెల్లపెట్టెలో రెండు థర్మామీటర్లు పక్కపక్కన నిలబడి ఉంటాయి. ఒకటి మామూలుది. రెండోదాని గుండుకి పల్చటి నూలుగుడ్డ చుట్టి, దాని వత్తిని నీళ్లలో ముంచి ఉంచుతాం. గుడ్డలో నీరు ఆవిరయ్యేకొద్దీ గుండు చల్లబడుతుంది, అచ్చం చెమట పట్టిన మన ఒళ్లులాగే. మా దగ్గర మే మధ్యాహ్నం మామూలుది 44 చూపిస్తే తడిది 24 చూపించిందనుకోండి, గాలిలో తేమ 18 శాతం దగ్గర ఉన్నట్టు. తీరంలో మామూలుది 37, తడిది 29 అయితే తేమ 55 శాతం. ఒంటికి చల్లబడే అవకాశం చెప్పేది ఆ తడి థర్మామీటరే. బాపట్ల చెమట ఆరదు, కారిపోతుంది. ఆ 37 ఒంటికి మా 44 కంటే బరువు. మా అత్తగారి మాటే నెగ్గిందని ఇక్కడ రాస్తున్నాను, ఆవిడ చదవరనే ధైర్యంతో.

కానీ పొడి ఎండకీ ఒక మోసం ఉంది. చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది కాబట్టి, పట్టలేదనుకుంటాం. చొక్కా పొడిగానే ఉంటుంది, ఒంట్లో నీళ్లు మాత్రం పోతుంటాయి. దాహం వేసేదాకా ఆగకూడదనేది ఇందుకే.

ఇదే లెక్క ఎయిర్ కూలర్‌కీ వర్తిస్తుంది. మాచర్లలో బ్రహ్మాండంగా పనిచేసిన కూలర్ చీరాల తీసుకెళితే జిగట గాలి కొడుతుంది. మా దగ్గరైనా కిటికీలన్నీ మూసేసి కూలర్ వేస్తే గంటలో గది చీరాల అయిపోతుంది. ఒక కిటికీ తీసి ఉంచండి.

అపోహ: 40 దాటితే వడగాలుల రోజు.

మైదానాల్లో 40 తాకడం మొదటి షరతు మాత్రమే. దానితో పాటు ఆ రోజుకి ఆ ఊరి సాధారణం కంటే 4.5 డిగ్రీలైనా ఎక్కువ ఉండాలి. 6.4 కూడా దాటితే తీవ్ర వడగాలులు. లేదా సాధారణంతో పని లేకుండా 45 చేరితే వడగాలి, 47 చేరితే తీవ్రం. తీరానికి ఆ మొదటి షరతు 37. సాధారణం అంటే 1991 నుంచి 2020 దాకా ముప్ఫై ఏళ్ల సగటు. మే నెలలో మా సాధారణమే నలభై దాటి ఉంటుంది కనక, 42ని టీవీ వాళ్లు నిప్పుల కొలిమి అన్నా మా రిజిస్టర్‌కి అది మామూలు రోజు.

అపోహ: రోహిణి కార్తెలోనే అసలు ఎండ.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఊరికే పుట్టలేదు. మే 25 నుంచి జూన్ 7 దాకా, రుతుపవనాలు రావడం ఆలస్యమైతే పడమటి గాలికి అడ్డే ఉండదు. 2015 మే చివరి వారాల్లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 2,000 మందికి పైగా ప్రాణాలు పోయాయి. కానీ 2025 చూడండి. రుతుపవనాలు మే 24కే కేరళ తాకాయి, రోహిణి మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే రాయలసీమలో అడుగుపెట్టాయి. ఏ రోలూ పగల్లేదు.

కార్తె కంటే నేను బంగాళాఖాతం వైపు ఎక్కువ చూస్తాను. మేలో తుపాను మన తీరానికి వస్తే చల్లదనం. 2010 మే 20న బాపట్ల దగ్గర తీరం దాటిన లైలా అలాంటిదే. అదే తుపాను ఉత్తరానికి వెళ్లిపోతే తేమనంతా లాక్కుపోయి, వాయవ్య గాలిని మన మీదికి తోస్తుంది. 2020లో ఆంఫన్ బెంగాల్‌లో తీరం దాటాక మనకి ఆ వారమంతా మంటే. "తుపాను తప్పిపోయింది, హమ్మయ్య" అని అందరూ అనుకునే రోజు నేను మా ఇంట్లో కుండలు నింపమంటాను.

అపోహ: ఎండ ఎంత కాస్తే వాన అంత కురుస్తుంది.

2015లో అంత ఎండ కాసి, దేశవ్యాప్తంగా రుతుపవన వర్షం 14 శాతం తక్కువ పడింది. 2025లో మే చల్లగా గడిచి, వర్షం 8 శాతం ఎక్కువ పడింది. ఇంకేం చెప్పను?

అపోహ: వాన అన్నారు, చుక్క పడలేదు. వాతావరణ శాఖ వాళ్లు చెప్పింది ఎప్పుడూ జరగదు.

మిర్చి కల్లాల్లో ఆరబోసి ఉన్నప్పుడు ఈ మాట తిట్టుగా వస్తుంది. రైతుని తప్పుపట్టను. రాత్రంతా టార్పాలిన్ పట్టాలు కప్పి కూర్చుంటే నక్షత్రాలు కనిపిస్తే ఎవరికైనా కడుపు మండుతుంది. కప్పని రోజు కాయ తడిసి తాలైపోతే ఇంకా మండుతుంది.

అయితే బులెటిన్‌లో ప్రతి మాటకీ కొలత ఉంది. "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో పాతిక శాతానికి మించవు. "కొన్ని చోట్ల" అంటే సగం దాకా. "అనేక చోట్ల" అంటే ముప్పాతిక దాకా. ఒకటి రెండు చోట్ల అన్న రోజు మీ కల్లం తడవకపోవడానికే అవకాశం ఎక్కువ, బులెటిన్ నిజమైనా సరే. వేసవి ఉరుముల మేఘం కొద్ది కిలోమీటర్ల మేర లేచి, గంటలో ఖాళీ అయిపోతుంది. పిడుగురాళ్లలో దంచికొట్టిన వాన దాచేపల్లిలో దుమ్ము లేపి వదిలేస్తుంది. అది ఏ ఊరి మీద లేస్తుందో ముందురోజు ఎవరూ చెప్పలేరు. రెండు మూడు గంటల ముందు వచ్చే హెచ్చరికే కల్లానికి పనికొచ్చేది. పిడుగుల కోసం 'దామిని' యాప్ పెట్టుకోండి, అది ఉచితం.

అపోహ: ఎండలోకి వెళ్లకపోతే వడదెబ్బ తగలదు.

జేబులో ఉల్లిపాయ పెట్టుకుంటే తగలదనేది దీనికి అన్నగారు. ఉల్లిపాయ మజ్జిగలో వేసుకుని తాగండి, అందులో ప్రయోజనం ఉంది.

పగటి గరిష్ఠం అందరూ చూస్తారు, రాత్రి కనిష్ఠం ఎవరూ చూడరు. తెల్లవారుజామున కూడా 31 దిగని రోజులుంటాయి. రాతి గోడలు, రేకుల కప్పులు పగలంతా తాగిన వేడిని రాత్రంతా కక్కుతాయి. పడుకున్న మనిషికి విశ్రాంతి ఉండదు. కొన్నేళ్ల కిందట మా వీధి చివర రేకుల ఇంట్లో ఉండే పెద్దావిడ ఆ రోజు గడప దాటలేదు. రాత్రి ఎనిమిదింటికి ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ కనిపించింది. కోడలు జ్వరమనుకుని దుప్పటి కప్పింది. మేం దుప్పటి తీసేసి, ఒంటి మీద నీళ్లు పోసి, ఫ్యాన్ తిప్పి, 108కి ఫోన్ చేశాం. స్పృహ సరిగా లేదు కాబట్టి నోట్లో నీళ్లు పోయనివ్వలేదు. బతికింది.

ఇప్పుడు మే వస్తే ఆవిడ మధ్యాహ్నాలు మా వసారాలోనే. సాయంత్రం లేచి వెళ్లేముందు "ఇవాళ ఎంత నాయనా?" అంటుంది. నలభై మూడున్నర అని చెప్పబోతే చెయ్యి ఊపేస్తుంది.

"అది అయిపోయిందిగా. రాత్రికి ఎంతకి దిగుద్దో చెప్పు."