ఇంత ఇంటికి శిస్తు ఎవరు కడతారు?

పర్లాకిమిడిలో మా అమ్మమ్మ మొన్న సీరియల్ చూస్తోంది. తెర మీద పాలరాతి మెట్లు, పట్టుచీరలో అత్తగారు, కింద తల వంచుకున్న పేదింటి కోడలు. ఆమె తండ్రికి విందులో పనివాళ్ల సరసన విస్తరి వేశారు. మాకు ఒళ్లు మండింది. అమ్మమ్మ మాత్రం, "ఇంత ఇంటికి శిస్తు ఎవరు కడుతున్నారు?" అంది.

1984లో దూరదర్శన్ చూపిన తొలి సుదీర్ఘ ధారావాహిక మధ్యతరగతి ఇంట్లో నడిచింది. 2000 తర్వాత ఉపగ్రహ ఛానళ్లలో ఆ ఇల్లు బంగళా అయింది, రాబడి లెక్క మాయమైంది. పేదా గొప్పా తగవు కాస్తా అత్తాకోడళ్ల నోటి దురుసుగా మిగిలింది.

ఈ ఆంధ్రా-ఒడిశా సరిహద్దులో ఆ లెక్క అందరికీ తెలిసిందే. 1802 నుంచి మద్రాసు ప్రెసిడెన్సీలో జమీందారు ఏటా కుంపిణీకి, అంటే ఈస్టిండియా కంపెనీకి, కట్టాల్సిన పేష్కషు (కప్పం) ఖాయమైంది. రైతు దగ్గర అంతకు మించి ఎంత రాబడితే అంతా దివాణానిదే. 1908 చట్టం రైతుకు సాగుహక్కు ఇచ్చింది కానీ శిస్తు భారం, అడవి మీద పెత్తనం తగ్గలేదు. 1937-38లో జమీందారీలు రద్దు చేయాలంటూ రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా నడిచారు. మద్రాసు రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం కమిటీ భూమి రైతుదేనని తేల్చింది. అది చట్టం కాకముందే, 1939లో ఆ మంత్రివర్గమే రాజీనామా చేసింది. 1940లో మందస జమీందారీలో అడవి కట్టెల దగ్గర మొదలైన గొడవ పోలీసు కాల్పులదాకా వెళ్లింది. రైతు మహిళ గున్నమ్మ ప్రాణం పోయింది. అమ్మమ్మ పుట్టిల్లు అటువైపే.

మధ్యలో, 1936 ఏప్రిల్ 1న, పర్లాకిమిడి జమీందారీనే రెండు ముక్కలు చేశారు. కోట, పట్టణం కొత్త ఒడిశాకు వచ్చాయి; చాలా ఊళ్లు మద్రాసులోనే ఉండిపోయాయి. మరుసటి ఏడు ఇక్కడి రాజు కృష్ణచంద్ర గజపతి ఒడిశాకు తొలి ప్రధానమంత్రి (అప్పట్లో ముఖ్యమంత్రిని అలాగే అనేవారు) అయ్యారు. ఏ సీరియల్ రచయితా ఇంత మలుపు రాయడు! ఒకే దివాణం రైతుల్లో గీతకు అటువైపు వాళ్లకు జమీందారీలను రద్దు చేసిన 1948 మద్రాసు చట్టం, ఇటువైపు వాళ్లకు అలాంటిదే 1951 ఒడిశా చట్టం వర్తించాయి.

అమ్మమ్మ ప్రశ్నకు మా అమ్మాయి జవాబిచ్చింది: "శిస్తు ఎందుకు తాతమ్మా, వాళ్లకు కంపెనీ ఉంది."

"కుంపిణీయా? ఇంకా ఉందా?" అంది అమ్మమ్మ.