ఖరీదైన మెకానికల్ వాచీలు: మిషను విప్పించే ముందు తెలియాల్సిన అపోహలు - వాస్తవాలు

ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ దాకా తెలుగిళ్ళలో మెకానికల్ వాచీకి ఇప్పటికీ తాతగారి హెచ్‌ఎంటీయే కొలమానం. "అది సర్వీసింగ్ లేకుండానే ముప్పై ఏళ్ళు ఆడింది, లక్షలు పోసిన స్విస్ వాచీ నాలుగేళ్ళకే మొరాయించిందేం?" అని కౌంటర్ దగ్గర అడుగుతూనే ఉంటారు. అడగడంలో తప్పులేదు. దానికి చుట్టుపక్కలవాళ్ళు చెప్పే జవాబుల్లోనే ఉంది తిరకాసంతా.

అపోహ: ఇంత ఖరీదు పెట్టాక సెకను కూడా తేడా రాకూడదు.

వాస్తవం: ఐదు వందల రూపాయల సెల్లు వాచీ ఏ స్విస్ మెకానికల్ కన్నా బాగా టైము చూపిస్తుంది. అందులో క్వార్ట్జ్ పలుకు సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. మెకానికల్ వాచీ మిషనులో, అంటే లోపలి యంత్రంలో, అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం వేసే బీట్లు (టిక్కులు) సెకనుకు 8, పాత హెచ్‌ఎంటీలో అయితే 5. రోజుకు 86,400 సెకన్లు. కచ్చితంగా నడిచే వాచీ మిషన్లకు క్రోనోమీటర్ సర్టిఫికెట్ ఇచ్చే స్విస్ సంస్థ సీఓఎస్‌సీ సగటున రోజుకు 4 సెకన్లు వెనక్కీ 6 సెకన్లు ముందుకీ ఒప్పుకుంటుంది. రోలెక్స్ తన వాచీలకు పెట్టుకున్న హద్దు అటూ ఇటూ 2 సెకన్లు. ఒమేగా మాస్టర్ క్రోనోమీటర్‌కు 0 నుంచి 5 సెకన్లు ముందుకు. సర్టిఫికెట్ లేని వాచీ రోజుకు 10 సెకన్లు ముందుకెళ్తే అది కంప్లైంటు కాదు.

ఒక్క రోజు చూసి తేల్చకండి. వాచీకి పూర్తిగా కీ ఇచ్చి, ఫోన్‌లో సెకన్లు చూసి టైము కలపండి. రోజూ అదే వేళకు ఏడు రోజులు తేడా రాసుకోండి. రోజూ 6 సెకన్లు ముందుకెళ్ళే వాచీ ఆరోగ్యంగా ఉన్నట్టే, కావాలంటే సరిదిద్దడం కూడా తేలిక. ఒకరోజు 2 ముందుకు, మర్నాడు 15 వెనక్కి వెళ్తే మాత్రం చూపించాలి. రాత్రి డయల్ పైకి పెట్టి పడుకోబెడితే ఒక లెక్క, కీ కిందికి వచ్చేలా నిలబెడితే ఇంకో లెక్క వస్తుంది. మీ వాచీ ఎటు పెడితే వెనక్కి తగ్గుతుందో కనిపెడితే పగలు పెరిగిన సెకన్లు రాత్రికి సర్దుకుంటాయి. దీనికి పైసా ఖర్చు లేదు.

అపోహ: టైమింగ్ మిషను మీద అంకె బాగుంటే వాచీ బాగున్నట్టే.

వాస్తవం: టైమింగ్ మిషను అంటే వాచీ టిక్కులు విని నడకను కొలిచే పరికరం. దాని తెర మీద రోజు తేడా ఒక్కటే చూసి సంతోషపడతారు. అసలు చూడాల్సింది యాంప్లిట్యూడ్, అంటే బ్యాలెన్స్ ఎన్ని డిగ్రీలు ఊగుతోందన్నది. పూర్తిగా కీ ఇచ్చి డయల్ పైకి పెట్టినప్పుడు 270 నుంచి 310 మధ్య ఉండాలి. నిలబెట్టినప్పుడు కొంత పడిపోవడం మామూలే. పూర్తి కీలో కూడా 220 దాటకపోతే నూనె ఆరిందనో మురికి పట్టిందనో లెక్క. అప్పుడు స్పీడు సరిచేసి పంపడం జ్వరానికి థర్మామీటర్ దులపడం లాంటిది.

ఇక్కడ తెలిసినవాళ్ళే పప్పులో కాలేసే చోటు ఒకటుంది. యాంప్లిట్యూడ్ లెక్కకు ముందు ఆ వాచీ మిషనుకు తగ్గ లిఫ్ట్ యాంగిల్ (ఒక్కో ఊపులో బ్యాలెన్స్‌కు తోపు అందే మేర కోణం) పరికరంలో పెట్టాలి. పరికరం మామూలుగా 52 డిగ్రీలు తీసుకుంటుంది. చాలా స్విస్ వాచీల్లో ఉండే ఈటీఏ 2824 మిషనుకు 50, ఒమేగా కంపెనీ కో-యాక్సియల్ రకం మిషనుకు 38. కో-యాక్సియల్ వాచీని 52 మీదే వదిలేస్తే, నిజానికి 205 డిగ్రీలే ఊగుతున్న జబ్బు మిషను తెర మీద 280గా కనిపిస్తుంది. "బాగుంది, తీసుకెళ్ళండి" అంటారు. కాబట్టి ఎంత వచ్చిందని అడిగే ముందు, ఏ యాంగిల్ పెట్టారో అడగండి.

అపోహ: ఫ్యాక్టరీలో పాసైన వాచీలో లోపం ఉండదు.

వాస్తవం: సీఓఎస్‌సీ పరీక్షించేది మిషనును, వాచీని కాదు. 15 రోజులు, 5 భంగిమల్లో, 8, 23, 38 డిగ్రీల వేడిలో చూస్తారు. డయలు, ముళ్ళు, కేసు ఆ తర్వాతే బిగిస్తారు. బయటికి వచ్చే తప్పులు ఎక్కువగా ఆ చివరి బిగింపులోవే. కొనేటప్పుడు, ప్లాస్టిక్ పొరలు పీకకముందే కౌంటర్ దగ్గర ఇవి చూసుకోండి:

టైము సరిగ్గా 6కు పెడితే రెండు ముళ్ళూ ఒకే గీతలో నిలవాలి, 12కు ఒకదాని మీద ఒకటి కూర్చోవాలి. తేదీ అర్ధరాత్రికి అటూ ఇటూ కొన్ని నిమిషాల్లో మారాలి. 11కే సగం తిరిగి కిటికీలో ఇరుక్కుంటే ముల్లు తప్పు చోట గుచ్చి ఉండొచ్చు. స్క్రూ కీ (మరతో కేసుకు బిగిసే కీ) బిగించేటప్పుడు గరగర ఉండకూడదు, మర దాటిపోకూడదు. డైవర్ వాచీలో బెజెల్ (గ్లాసు చుట్టూ తిరిగే రింగు) మీది ముత్యం లాంటి చుక్క 12 గీతకు ఎదురుగా ఆగాలి. పది రెట్ల లూపుతో (మిస్త్రీ భూతద్దంతో) గ్లాసు లోపల పోగో దుమ్మో ఉందేమో చూడండి. ఇదంతా చూస్తుంటే సేల్స్‌మన్ విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి, డబ్బు మీది.

అపోహ: 30 మీటర్లు అని రాసుంటే గోపాల్‌పూర్ సముద్రంలో స్నానం చేయొచ్చు.

వాస్తవం: ఆ 30 మీటర్లు కొత్త వాచీని కదలని నీటి ఒత్తిడిలో పెట్టి తేల్చిన మాట. చేతులు కడుక్కోవడానికి, చినుకులకు సరిపోతుంది, అంతే. ఈతకు కనీసం 100 మీటర్లు, స్క్రూ కీ కావాలి. ఆ 100 కూడా లోపలి రబ్బరు గాస్కెట్లు మెత్తగా ఉన్నంతకాలమే. మన తీరపు ఉప్పుగాలి, చెమట, సబ్బు, వేడినీళ్ళు అన్నీ వాటిని గట్టిపడేలా చేస్తాయి. సముద్రంలో దిగితే బయటికి రాగానే, కీ బిగించి ఉందని చూసుకుని, మంచినీళ్ళతో కడగాలి. ఉప్పు కేసు వెనక అంచులో కూర్చుని స్టీలును కూడా గుంటలు పెడుతుంది.

గ్లాసు లోపల ఆవిరి కనిపిస్తే బియ్యం డబ్బాలో పెట్టొద్దు. మూసిన కేసులోని తడిని బియ్యం లాగలేదు, పైగా పిండి దుమ్ము కీ సందులోకి పోతుంది. ఎండలోనూ పెట్టొద్దు. అదే రోజు కేసు విప్పించి ఆరబెట్టించాలి. ఉప్పునీరైతే మిషను మొత్తం విప్పి కడగాల్సిందే. కీ రాడ్డు, తేదీ స్ప్రింగులు అన్నిటికన్నా ముందు తుప్పు పడతాయి.

తడి లోపలికి పోతోందేమో తేల్చడానికి చిన్న పరీక్ష ఉంది. వాచీని 40 నుంచి 45 డిగ్రీల పలక మీద వేడిచేసి, గ్లాసు మీద చల్లటి నీటిచుక్క ఉంచి, ఒక నిమిషం తర్వాత తుడవాలి. లోపలి వైపు మసక తేలితే తడి ఉన్నట్టు. కేసు వెనక మూత ఎప్పుడు తెరిచినా గాస్కెట్ మార్చి ప్రెషర్ టెస్టు చేయించాలి. ఏ మరమ్మతూ లేకపోయినా ఏటా వానలకు ముందు టెస్టు మంచిది.

అపోహ: కీ ఎక్కువ ఇస్తే స్ప్రింగ్ తెగుతుంది.

వాస్తవం: చేతి కదలికకే కీ ఎక్కే ఆటోమేటిక్‌లో స్ప్రింగ్ చివర జారే పట్టీ ఉంటుంది, నిండాక జారిపోతుంది. చేతి కీ వాచీలో గట్టిగా తగలగానే ఆపితే చాలు. తెగేది పాతబడి అలిసిన స్ప్రింగే.

అపోహ: వాచీ రోజుకు పది నిమిషాలు ముందుకు పరిగెడితే మిషను పోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు అయస్కాంతం పట్టిందంతే. బ్యాలెన్స్‌ను ఊగించే సన్నని హెయిర్ స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, ఊగే పొడవు తగ్గి వేగం పెరుగుతుంది. ఫోను స్పీకరు, హ్యాండ్‌బ్యాగు అయస్కాంతపు బొత్తాము చాలు దీనికి. దిక్సూచి పక్కన పెడితే సూది కదులుతుంది. డీమ్యాగ్నెటైజర్ మీద పెట్టి, బటన్ నొక్కి ఉంచి, వాచీని నెమ్మదిగా అడుగు దూరం తీశాకే బటన్ వదలాలి. అక్కడే ఉంచి వదిలితే మళ్ళీ పడుతుంది. నిమిషం పని. దీనికి పూర్తి సర్వీసు బిల్లు వేస్తే నిలదీయండి. సిలికాన్ హెయిర్ స్ప్రింగ్ ఉన్న మిషన్లకు ఈ బాధ దాదాపు లేదు.

అపోహ: సర్వీసింగ్ అంటే విప్పి, పెట్రోలులో కడిగి, నూనె చుక్క వేయడం.

వాస్తవం: ఎక్కువ వాచీలు పాడయ్యేది ఇక్కడే. పెట్రోలు ఆరాక పొర మిగులుతుంది, దాని మీద నూనె నిలవదు. వెనక మూత తీసి అందిన చోటల్లా నూనె ముంచితే, అది పాత మురికితో కలిసి ముద్దవుతుంది.

సరైన పని ఇలా సాగుతుంది. ముందు కొలతలు రాసుకుని, స్ప్రింగ్ కీ పూర్తిగా వదిలి, మిషనును చివరి చక్రం దాకా విప్పాలి. క్లీనింగ్ ద్రావణంలో కడిగి, రెండుసార్లు జాడించి ఆరబెట్టాలి. ఎస్కేప్ చక్రాన్ని పన్ను పన్నుకూ ఆపి వదిలే ముక్క ప్యాలెట్. దాని రాళ్ళను పట్టి ఉంచేది లక్క కాబట్టి ఆ ముక్కను స్పిరిట్‌లో నానబెట్టకూడదు. అన్ని చోట్లకూ ఒకే నూనె సరిపోదు. వేగంగా తిరిగే ఎస్కేప్ చక్రం, బ్యాలెన్స్ ఇరుసులకు మోబియస్ కంపెనీ పలచని నూనె 9010. బరువు మోసే నిదానపు చక్రాలకు చిక్కటిది. ప్యాలెట్ రాళ్ళ ముఖానికి 9415. ప్యాలెట్ ఇరుసులకు అసలు వేయకూడదు. ఆటోమేటిక్ బ్యారెల్ (స్ప్రింగ్ ఉండే డబ్బా) గోడకు 8217 లాంటి బ్రేకింగ్ గ్రీజు. అక్కడ మామూలు గ్రీజు పూస్తే స్ప్రింగ్ ముందే జారిపోయి, 40 గంటలు నడవాల్సిన వాచీ 25కే ఆగుతుంది. ఇరుసు తిరిగే రాయి గుంటలో నూనె సగం దాటి కొంత ఉంటే చాలు. నిండితే పక్కకు పాకి గుంటే ఎండిపోతుంది.

కీ ఇస్తుంటే రోటర్ (ఆటోమేటిక్‌లో వెనక ఊగే బరువు) తానే గిరగిరా తిరుగుతోందా? ఈటీఏ 2824 తరహా మిషన్లలో ఇది రోటర్ ఎటు తిరిగినా స్ప్రింగ్‌కు కీ ఎక్కించే రివర్సింగ్ చక్రాలు మురికిపట్టాయనో నూనె ఎక్కువైందనో చెబుతోంది. అలాగే కీ ఇస్తూ పోతే పళ్ళు అరుగుతాయి.

బిగించాక ఐదారు భంగిమల్లో కొలవాలి, పూర్తి కీలో ఒకసారి, 24 గంటల తర్వాత మరోసారి. అందుకే "పొద్దున ఇవ్వండి, సాయంత్రానికి రెడీ" అన్నచోట పూర్తి సర్వీసు జరగదు. ఇక తాతగారి హెచ్‌ఎంటీ ముప్పై ఏళ్ళు ఆడడం నిజమే. కాకపోతే ఎండిన నూనె, దుమ్ము కలిసి సానరాయిలా ఇరుసులను అరగదీస్తూనే ఆడింది. విప్పి చూస్తే గుంట పడిన ఇరుసులు కనిపిస్తాయి. సెకనుకు 8 బీట్ల మిషను ఆ నిర్లక్ష్యాన్ని అంతకాలం భరించదు. ఒమేగా చెప్పే వ్యవధి 5 నుంచి 8 ఏళ్ళు, రోలెక్స్ సుమారు 10. తీరం పక్కన ఉండేవాళ్ళు గాస్కెట్లకు మాత్రం అంతకాలం ఆగొద్దు.

అపోహ: కంపెనీ సర్వీసుకు పంపితే ఇక చూసుకోనక్కర్లేదు.

వాస్తవం: పార్టులు దొరకడంలో కంపెనీదే పైచేయి. చాలా కంపెనీలు బయటి మిస్త్రీలకు పార్టులు ఇవ్వవు. కానీ అక్కడ పాలిష్ చేయడం, పాత డయలూ ముళ్ళూ తీసి కొత్తవి వేయడం మామూలు. ప్రతి పాలిష్‌కూ లగ్గుల (పట్టీ బిగించే కొమ్ముల) అంచు కొంత కరిగిపోతుంది, తిరిగి రాదు. పాత వాచీ అయితే కాగితం మీదే రాయించండి: పాలిష్ వద్దు, డయలు మార్చొద్దు, మార్చిన పార్టులు వెనక్కి కావాలి.

విశాఖకో భువనేశ్వర్‌కో పంపేముందు డయలు, లగ్గులు, వెనక మూత మీది నంబరు ఫోటోలు తీసుకోండి. ఎస్టిమేటులో పార్టుల పేర్లు విడివిడిగా ఉండాలి. తిరిగి వచ్చాక పెట్టె తెరవడం దగ్గర్నుంచి వీడియో తీయండి. తేడా వస్తే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వాచీ విశాఖలో కొన్నా, మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. గడువు రెండేళ్ళు. సర్వీసు వాళ్ళిచ్చే జాబ్ కార్డు మీద ఇచ్చేటప్పటి, తీసుకునేటప్పటి యాంప్లిట్యూడ్ అంకెలు రెండూ రాయించుకుని ఉంటే, అక్కడ వాదించాల్సిన పని సగం తప్పుతుంది.