“హత్య ఇంకా జరగదేంటండీ?”: నిజ నేర కథనాలపై అపోహలు - వాస్తవాలు

క్రైమ్ డెస్క్ వదిలేశాక నేను చేస్తున్న పని, నిజ నేర కథనాల రాతప్రతులు ఎడిట్ చేయడం. కొత్తగా రాస్తామని వచ్చేవాళ్ల చేత మొదట చదివించే పుస్తకం జాన్ బెరెంట్ రాసిన ‘మిడ్‌నైట్ ఇన్ ద గార్డెన్ ఆఫ్ గుడ్ అండ్ ఈవిల్’. 1994లో వచ్చింది. న్యూయార్క్ టైమ్స్ బెస్ట్ సెల్లర్ జాబితాలో 216 వారాలు ఉంది. అమెరికా దక్షిణాదిలో, జార్జియా రాష్ట్రంలోని సవన్నా ఊళ్లో జరిగిన కథ ఇది. 1981 మే 2న పాత వస్తువుల వ్యాపారి జిమ్ విలియమ్స్ తన ఇంట్లో, తన దగ్గర పనిచేసే 21 ఏళ్ల డానీ హాన్స్‌ఫర్డ్‌ను కాల్చి చంపాడు. ఆ ఊళ్లో ‘ద బుక్’ అంటే ఏ పుస్తకమో విడిగా చెప్పక్కర్లేదు. దీన్ని చదివి వచ్చినవాళ్లు నా దగ్గర ఏకరువు పెట్టేవే ఈ అపోహలు.

అపోహ: సగం పుస్తకం ఊరి కబుర్లే. అవి తీసేస్తే అసలు కేసు వంద పేజీల్లో అయిపోతుంది.

నేను ఎక్కువగా వినే ఫిర్యాదు ఇదే. నిజమే, కాల్పుల వార్త మొదటి భాగం చివర్లో గానీ రాదు. అంతవరకు పెద్ద చెట్ల నిండా వేలాడే స్పానిష్ మాస్, వాటి కింద చతురస్రాకారపు పార్కులు, ఖాళీ ఇళ్లలో మకాం పెట్టి పియానో వాయించే లాయరు, లేని కుక్కను నడిపించే పెద్దాయన. (ఆ స్పానిష్ మాస్ స్పెయిన్‌దీ కాదు, నాచూ కాదు. అనాసపండు కుటుంబానికి చెందిన మొక్క.) చదువుతుంటే “ఎప్పుడండీ హత్య?” అని విసుగు రావడం సహజమే.

కానీ కేసు నడిచిన తీరు చూడండి. విలియమ్స్ సవన్నాలో పుట్టి పెరిగినవాడు కాదు. పాడుబడ్డ పాత ఇళ్లు కొని, బాగుచేసి అమ్మి, డబ్బు సంపాదించి పెద్ద కుటుంబాల సరసన చేరాడు. ఏటా క్రిస్మస్‌కు ఇచ్చే పార్టీకి ఎవరిని పిలవాలో, ఎవరిని పిలవకూడదో విడివిడిగా రెండు జాబితాలు పెట్టుకునేవాడు. ఒకసారి తన ఇంటి ముందు సినిమా షూటింగ్ జరుగుతుంటే, దాన్ని చెడగొట్టడానికి బాల్కనీలోంచి నాజీ జెండా వేలాడదీశాడు. అదే స్క్వేర్‌లో ఎదురుగా యూదుల ప్రార్థనామందిరం ఉంది. ఇలాంటి మనిషి మీద హత్య కేసు పడితే ఊరు అతన్ని ఎలా చూస్తుంది? మొదటి రెండు విచారణలూ సవన్నాలోనే జరిగాయి, రెండుసార్లూ దోషి అన్నారు. రెండు తీర్పులనూ జార్జియా సుప్రీంకోర్టు కొట్టేసింది. 1987లో మూడోసారి, అదీ సవన్నాలోనే, పన్నెండు మంది జ్యూరర్లలో పదకొండు మంది దోషి అంటే ఒక్కరు ఒప్పుకోలేదు. నాలుగో విచారణ 1989లో ఆగస్టా నగరానికి మార్చారు. అక్కడి జ్యూరీ గంటలోపే నిర్దోషి అని తేల్చేసింది.

ఆ క్రిస్మస్ జాబితాలతో ఆగస్టా జ్యూరర్లకు ఏ సంబంధమూ లేదు. డిఫెన్స్ చేతికి కొత్త ఆధారం దొరికిన మాట కూడా నిజమే. డానీయే ముందు కాల్చాడన్నది విలియమ్స్ వాదన. డానీ చేతుల మీద తుపాకీ మందు ఆనవాళ్లు లేవన్నది ప్రాసిక్యూషన్ బలం. ఆస్పత్రిలో ఆ చేతులను భద్రపరచిన తీరు మీద డిఫెన్స్ అనుమానం లేవదీసింది. ఆ ఆధారం ఎంత పనిచేసింది, ఊరు మారడం ఎంత పనిచేసింది? మొదటి భాగం చదవనివాళ్లకు ఈ ప్రశ్న పుట్టదు. అందుకే ఆ ఊరి కబుర్లను నేను సాక్ష్యం కిందే లెక్క వేస్తాను.

అపోహ: ఒకే కేసును నాలుగుసార్లు విచారించడం అంటే కక్షసాధింపే.

మన దగ్గర అప్పీలులో హైకోర్టు సాక్ష్యాలు తిరగేసి మామూలుగా తానే తీర్పు చెబుతుంది, పునర్విచారణ అరుదు. అక్కడ దోషి అన్న తీర్పు అప్పీలులో చెల్లకపోతే కేసు మళ్లీ కొత్త జ్యూరీ ముందుకు వెళ్లొచ్చు. మొదటి తీర్పు పోయింది ప్రాసిక్యూషన్ తప్పు వల్లే. సాక్షిగా వచ్చిన పోలీసు చెప్పినదానికి విరుద్ధంగా అతని రిపోర్టులోనే ఉన్న భాగాన్ని డిఫెన్స్‌కు అందకుండా దాచారు. జ్యూరీలో ఏకాభిప్రాయం రాకపోయినా మళ్లీ విచారించవచ్చు. నిర్దోషి అని తేలితే మాత్రం అంతటితో సరి.

అపోహ: చివరికి అసలు నేరం ఎవరు చేశారో చెప్పకపోతే అది నేర కథనం ఎలా అవుతుంది?

డిటెక్టివ్ యుగంధర్ నవలలు చదివి పెరిగిన మనకు చివరి అధ్యాయంలో అందరినీ గదిలో కూర్చోబెట్టి ముడి విప్పడం అలవాటు. ఇక్కడ కాల్చింది ఎవరన్నది తొలి రోజునుంచీ తెలుసు. డానీ ముందు కాల్చాడని, ప్రాణరక్షణ కోసమే తాను కాల్చానని విలియమ్స్ అన్నాడు. తేలాల్సింది హత్యా, ఆత్మరక్షణా అన్నదే. విచారణల మధ్య రచయితకు అతను కోర్టులో చెప్పినదానికి తేడాగా మరో కథనం చెబుతాడు. బెరెంట్ రెండింటినీ మన ముందు పెట్టి ఊరుకుంటాడు. నా చేతికి వచ్చిన రాతప్రతిలో రచయిత తీర్పు చెప్పేస్తుంటే, కోర్టు ఫైలు ఎక్కడని నేను అడిగేది అందుకే.

అపోహ: ‘నిజ’ నేర కథనం అన్నాక ప్రతి అక్షరమూ జరిగినదే.

ఈ ఒక్క విషయంలో పాఠకులు కొంచెం ఎక్కువగానే అనుమానించాలి. విలియమ్స్‌తో రచయిత కబుర్లాడుతుండగా డానీ దూసుకొచ్చే సన్నివేశంతో పుస్తకం మొదలవుతుంది. డానీ చనిపోయింది 1981లో. బెరెంట్ సవన్నాలో కాపురం పెట్టింది 1985లో. ఆ గదిలో అతను లేడు. పుస్తకం చివర రచయిత మాటలో ఒప్పుకున్నాడు కూడా: ఘటనల కాలక్రమం విషయంలో స్వేచ్ఛ తీసుకున్నానని, కొందరి పేర్లు మార్చానని, కొందరి రూపురేఖలూ మార్చానని. ఆ పుస్తకం 1995 పులిట్జర్ బహుమతికి నాన్‌ఫిక్షన్ విభాగంలో తుది పోటీ దాకా వెళ్లింది, బహుమతి రాలేదు.

ఇది కొత్తేమీ కాదు. ట్రూమన్ కపోటీ రాసిన నిజ నేర కథనం ‘ఇన్ కోల్డ్ బ్లడ్’ చివర్లో వచ్చే శ్మశాన సన్నివేశం కల్పితమని ఎప్పుడో తేలిపోయింది. నా అభిప్రాయం అడిగితే, ఒప్పుకోలు చివరి పేజీలో ఉంటే సరిపోదు, మొదటి పేజీలో ఉండాలి. నేను ఎడిట్ చేసే పుస్తకాలకు అలాగే పెట్టిస్తాను. రచయితలు సణుగుతారు, పెట్టిస్తాను.

అలాగని మరీ అవతలి కొసకు వెళ్లి “ఇన్ని వింత పాత్రలా, అంతా కల్పనే” అనేవాళ్లూ ఉన్నారు. అందరికంటే వింతగా అనిపించే, ఆడవేషంలో వేదికెక్కే (డ్రాగ్) కళాకారిణి లేడీ షాబ్లీ నిజమైన మనిషి. 1997లో క్లింట్ ఈస్ట్‌వుడ్ తీసిన సినిమాలో తన పాత్ర తానే వేసుకుంది. 2016లో చనిపోయింది.

అపోహ: అట్ట మీది విగ్రహం మంచిచెడులను తూచే దేవత. సవన్నా శ్మశానంలో చూడొచ్చు.

అట్లాంటానుంచి నాలుగు గంటలు కారు నడిపి బోనావెంచర్ శ్మశానానికి వెళ్లే మనవాళ్లు ముందే తెలుసుకుంటే మంచిది, అది అక్కడ లేదు. సిల్వియా షా జడ్సన్ అనే శిల్పి 1936లో చేసిన ‘బర్డ్ గర్ల్’ అది. చేతుల్లోని గిన్నెలు పక్షుల కోసం. పుస్తకం వచ్చాక జనం తాకిడికి తట్టుకోలేక టెల్‌ఫేర్ మ్యూజియానికి తరలించారు. కాల్పులు జరిగిన మెర్సర్ హౌస్ గురించీ ఒక మాట: పాటల రచయిత జానీ మెర్సర్ పెరిగిన ఇల్లని చాలామంది అనుకుంటారు. ఆయన ముత్తాత కోసం మొదలుపెట్టిన ఇల్లే, కానీ మెర్సర్లెవరూ అందులో కాపురం ఉండలేదు.

అపోహ: ఇంత బాగా రాశాక బాధితుడికి కూడా న్యాయం జరిగినట్టే.

ఇక్కడ నేను బెరెంట్ పక్షం వహించలేను. పుస్తకం గురించి మాట్లాడేవాళ్లకు విలియమ్స్ మాటకారితనం గుర్తుంటుంది, షాబ్లీ గుర్తుంటుంది, అర్ధరాత్రి శ్మశానంలో మంత్రాలు వేసే మినర్వా గుర్తుంటుంది. డానీ గురించి అడిగితే “ఆ కోపిష్టి కుర్రాడా” అంటారు. కొడుకు పోయిన తల్లి విలియమ్స్ మీద కోటి డాలర్లకు దావా వేసిందన్న సంగతి ఎవరూ ఎత్తరు. ఊరి సొగసు పెరిగేకొద్దీ డానీ చిన్నవాడైపోయాడు. మొదటి భాగం కేసును అర్థం చేయిస్తుందని పైన చెప్పింది నేనే. అదే భాగం ఈ పనీ చేసింది.

అపోహ: సినిమా చూశాను, ఇక చదవక్కర్లేదు.

సినిమాలో నాలుగు విచారణలనూ కలిపి ఒకటి చేశారు. ఆగస్టా అసలు రాదు.